ఫొటో పెడతాను, లొకేషన్ మాత్రం అడగొద్దు

మా ఫిషింగ్ వాట్సాప్ గ్రూపులో ట్రౌట్ (చల్లటి నీళ్లలో బతికే చేప) ఫొటో పెడితే చాలు, లైకుల కంటే ముందు వచ్చేది ఒకటే మెసేజ్: "అన్నా, ఎక్కడ? పిన్ (మ్యాపులో ఆ చోటు గుర్తు) కొట్టు." కొట్టను. దీనికి కొందరు అలిగారు, "చేపలన్నీ ఆయనకే కావాలట" అని వెనకాల అనుకుంటున్నారని కూడా నా చెవిన పడింది. అందుకే ఎందుకు చెప్పనో ఒకసారి వివరంగా రాసేస్తున్నాను, ఇకమీదట ఎవరడిగినా ఈ లింకు పడేస్తే సరిపోతుంది.

నేనుండేది న్యూజెర్సీ. ఇక్కడ మనకు దొరికే ట్రౌట్‌లో ఎక్కువ భాగం హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో, పెంచినవే. ఏటా వసంతంలో పీక్వెస్ట్ హ్యాచరీ నుంచి రెయిన్‌బో ట్రౌట్‌ని ట్రక్కుల్లో తెచ్చి నదుల్లో, చెరువుల్లో వదులుతారు. ఏప్రిల్‌లో సీజన్ తెరిచే శనివారం పొద్దున 8 గంటలకు గట్టు మీద నిలబడ్డానికి చోటుండదు, ఒకరి తాడు ఒకరి తాడుకి చిక్కుకుని అదొక తిరనాళ్ల. ఆ చేపలు పట్టుకోవడం కోసమే పెంచినవి. లైసెన్సూ, ట్రౌట్ పట్టడానికి విడిగా తీసుకునే అనుమతి అయిన ట్రౌట్ స్టాంపూ కొనుక్కుని, రోజువారీ లెక్క దాటకుండా పట్టి ఇంటికి తెచ్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నేనూ తెచ్చుకుంటాను. (వేపుడుకి బ్రహ్మాండం. పులుసుకి మాత్రం పనికిరాదు, ముక్క విడిపోతుంది. ఈ విషయంలో మా ఆవిడతో వాదన ఇంకా నడుస్తోంది.)

నా బాధంతా వాగులోనే పుట్టి వాగులోనే పెరిగే చేపల గురించి. ఈ రాష్ట్రంలో అనాదిగా ఉన్న ట్రౌట్ ఒక్కటే, బ్రూక్ ట్రౌట్. రాష్ట్ర చేప కూడా అదే. రెయిన్‌బో పసిఫిక్ వైపు నుంచి తెచ్చింది, బ్రౌన్ ట్రౌట్ 1880లలో యూరప్ నుంచి ఈ దేశానికి తెచ్చింది. బ్రూక్ ట్రౌట్‌కి నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉండాలి, అందుకే ఇప్పుడవి ఎక్కువగా మిగిలింది ఉత్తరాన కొండల్లో, చాలాచోట్ల ఒక్క అంగలో దాటేయగలిగేంత చిన్న వాగుల్లో. చేప కూడా చిన్నదే, జానెడుంటే గొప్ప. 2018లో రాష్ట్రం వాయవ్య భాగంలో ఒక సంరక్షణ ప్రాంతం గీసి, అందులో సహజంగా పుట్టిన బ్రూక్ ట్రౌట్ ఏది గాలానికి పడినా అక్కడికక్కడే వదిలేయాలని రూలు పెట్టారు. రూలు సరే. కానీ అలాంటి వాగు పిన్ ఒకటి వందలమంది ఉన్న గ్రూపులో పడిందనుకోండి, వాళ్లందరూ మంచివాళ్లే, చెత్త పారేయనివాళ్లే, చేపని వదిలేసేవాళ్లే అనుకున్నా కూడా, ఒక నెలలో ఆ వాగు పరిస్థితి ఏమవుతుంది?

చెత్త సంగతి ముందు కానిచ్చేస్తాను, అందులో వాదించడానికేం లేదు కాబట్టి. గట్టు మీద దొరికేవి చూస్తే ఎవరు పారేశారో చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. వాకింగ్‌కి వచ్చినవాళ్లు వానపాముల ప్లాస్టిక్ డబ్బాలు తేరు, గాలాల ప్యాకెట్లు తేరు, ఎర ముద్దల చిన్న సీసాలు తేరు. అది మన పనే. వాటన్నిటికంటే పాపిష్టిది తెగిన నైలాన్ తాడు. కొమ్మకి చిక్కుకుంటే తెంపేసి ఇంకో గాలం కట్టుకుంటాం, అది ఆ చెట్టుకి ఏళ్ల తరబడి అలాగే వేలాడుతుంది. చేపలు తినే ఆస్ప్రే గద్దలు గూడు కట్టేటప్పుడు ఆ తాడుని కూడా పుల్లలతో పాటు ఎత్తుకుపోతాయి, అందులో వాటి పిల్లల కాళ్లే చిక్కుకుంటాయి. ఇక గాలం మునగడానికి తాడుకి కట్టే సీసపు గుండ్లు. నీళ్ల అడుగున రాళ్లతో పాటు ఆ గుండ్లని మింగి లూన్ అనే నీటి పక్షులు సీసం విషానికి చచ్చిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్‌లో చిన్న సీసపు గుండ్లని ఎప్పుడో నిషేధించారు. మనకి నిషేధం ఉందా లేదా అని చూసుకోకుండా తగరం గుండ్లు కొనుక్కోండి, ధరలో తేడా ఒక కాఫీ అంత కూడా ఉండదు.

వానపాముల గురించి ఒక మాట, ఇది నాకు చాలా వింతగా అనిపించిన విషయం. మనకు వానపాము అంటే రైతు నేస్తం, చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ మంచుయుగంలో హిమానీనదాలు కప్పేసిన ఈ ఉత్తరాది అడవుల్లో అసలు సొంత వానపాములు లేవు. ఇక్కడున్నవి బయటనుంచి వచ్చినవే, అవి నేల మీద పరుచుకున్న ఆకుల పొరని తినేసి అడవి మొక్కలకి ఆధారం లేకుండా చేస్తాయి. సాయంత్రం మిగిలిన ఎరని "పోనీలే పాపం, బతకనీ" అని గట్టున వదిలేయడం పుణ్యం కాదు. డబ్బా మూతపెట్టి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.

ఇక కనపడని నష్టం. దీని గురించే రాయాలని కూర్చున్నాను అసలు.

అక్టోబర్, నవంబర్‌లో బ్రూక్, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడతాయి. ఆడ చేప పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్లని చిమ్మి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి మళ్లీ గులకతోనే కప్పేస్తుంది. చలికాలమంతా ఆ గుడ్లు రాళ్ల సందుల్లోంచి పారే చల్లటి నీటిలోని ఆక్సిజన్‌తో బతికి, వసంతానికి పిల్లలై పైకొస్తాయి. ఈలోగా మనం రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని నీళ్లలో దిగి ఆ గులక మీదే నడుస్తాం. మోంటానాలో చేసి 1992లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది: గుడ్లు పిల్లలయ్యే ముందు ఒక్కసారి తొక్కుకుంటూ వెళ్తే 43 శాతం దాకా చచ్చిపోయాయి, ఆ కాలమంతా రోజుకి రెండుసార్లు నడిస్తే కనీసం 83 శాతం. చేతిలో గాలం కూడా అక్కర్లేదు చూడండి, నడిస్తే చాలు. అలాంటి చోట్లని గుర్తుపట్టడం కష్టమేం కాదు. చుట్టూ రాళ్లు పాచిపట్టి నల్లగా ఉంటే, మధ్యలో తోమినట్టు లేతరంగులో గుండ్రటి గులక జాగా కనపడుతుంది. దాని జోలికి పోకండి, దాని మీద ఉన్న చేపకి ఎర వేయకండి. అనుమానంగా ఉంటే నీళ్లలో దిగకుండా గట్టు మీదనుంచే వేసుకోండి.

"మేం వదిలేస్తున్నాం కదా, ఇంకేంటి?" అని అడిగేవాళ్లకి రెండు లెక్కలు చెబుతాను. యెల్లోస్టోన్ నదిలో పట్టి వదిలేయాలన్న ఒక భాగంలో 1981 సీజన్‌లో లెక్కేస్తే, ఒక్కో కట్‌త్రోట్ రకం ట్రౌట్ సగటున 9.7 సార్లు గాలానికి పడింది. నిజాయితీగా చెప్పాలంటే అక్కడ ఒక్కసారి పడినందుకు చచ్చేవి వెయ్యికి మూడు మాత్రమే. అంటే చల్లటి నీళ్లలో, జాగ్రత్తగా చేస్తే, వదిలేయడం పనిచేస్తుంది, నేను దానికి వ్యతిరేకిని కాదు. రెండో లెక్క 1992 నాటిది, ల్యాబులో చేసింది. రెయిన్‌బో ట్రౌట్‌ని బాగా అలిసిపోయేదాకా తరిమి, 30 సెకన్లు గాలిలో ఉంచి నీళ్లలో వదిలితే 12 గంటల్లో 38 శాతం చనిపోయాయి. 60 సెకన్లు ఉంచితే 72 శాతం. నదిలో ఇంత దారుణంగా ఉండకపోవచ్చు గానీ, మన ఫొటో సెషన్లు మీరూ చూశారు కదా. ముందు నాన్న ఒక్కడే, తర్వాత పిల్లాడితో, తర్వాత "అమ్మాయి కళ్లు మూసింది, ఇంకొకటి", ఆపైన ఇండియాలో తాతగారికి వీడియో కాల్. చేప అంతసేపూ నోరు తెరుచుకుని ఉంటుంది, అప్పుడు నీళ్లలో వదిలితే ఈదుకుంటూ వెళ్లిందని చప్పట్లు. అది రాళ్ల చాటున ఎక్కడో సాయంత్రానికి పోతే చూసేవాళ్లు ఎవరు? ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధం చేసుకుని, చేపని వలలో నీళ్లలోనే ఉంచి, తడి చేతులతో ఒక్క క్షణం పైకెత్తి దించేయండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. గాలం కొనకున్న చిన్న ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేస్తే, ఊడదీయడానికి అంత పెనుగులాట ఉండదు.

ఎండాకాలం సంగతి ఇంకా తేలిక, వెళ్లకండి అంతే. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, సుమారు 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటితే ట్రౌట్ ఊపిరికే కష్టపడుతుంటుంది. అలాంటప్పుడు దాన్ని పట్టి లాగి ఎంత మర్యాదగా వదిలినా కోలుకోవడం కష్టం. పది డాలర్ల థర్మామీటర్ ఒకటి జేబులో ఉంచుకోండి. న్యూయార్క్ రాష్ట్రంలో రోస్కో దగ్గర బీవర్‌కిల్ అని పేరుమోసిన నది ఉంది, మన న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కూడా చాలామంది వెళ్తుంటారు. వేసవిలో ఆ నది వేడెక్కితే ట్రౌట్ అంతా చల్లటి చిన్న వాగులు వచ్చి కలిసే చోట గుంపుగా చేరతాయి. చేపలన్నీ కళ్ల ముందే, గాలం వేస్తే పడుతుంది. అందుకనే దిగువన హార్టన్ దగ్గర ఒక భాగంలో జులై 1 నుంచి ఆగస్టు 31 వరకు గాలం వేయడమే నిషేధం.

ఇదేదో అమెరికా వాళ్ల అతి అనుకోకండి. మా కాకినాడ వైపు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట బంద్, చేపలు గుడ్లు పెట్టే కాలమని. సముద్రం మీదే బతికే కుటుంబాలు ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ, ప్రభుత్వం ఇచ్చే భృతి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాయి. పొట్టకూటి కోసం వేటాడేవాళ్లు ఆగుతున్నారు. సాఫ్ట్‌వేర్ జీతాలు తీసుకుంటూ ఆదివారం సరదాకి గాలం వేసే మనం జులైలో ఆగలేమా?

కెన్ లాక్‌వుడ్ గార్జ్ పేరు చెప్పడంలో రహస్యమేం లేదు, రారిటాన్ నది దక్షిణ పాయ (సౌత్ బ్రాంచ్) మీద హై బ్రిడ్జ్, కాలిఫాన్ ఊళ్ల మధ్య ఉండే ఈ లోయ అందరికీ తెలిసిందే. పెద్ద పెద్ద బండరాళ్లు, పక్కనే మట్టిరోడ్డు, అక్కడ బతికున్న ఎర వాడకూడదు. మే నెలలో ఒక ఆదివారం వెళ్లి చూడండి. నీళ్ల దాకా ఒకే దారి చాలు, కానీ పది దారులు పడి ఉంటాయి, గట్టున గడ్డి పోయి చెట్ల వేళ్లు బయటపడి ఉంటాయి. వాన పడితే ఆ మట్టంతా నదిలోకే, అది పోయి గులక సందుల్లో కూరుకుంటే గుడ్లకి నీళ్లు ఆడవు. గాలం కర్ర నిలబెట్టడానికి పంగలకర్ర కావాలని లేత చెట్లు నరికేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లనేమనాలో నాకు తెలీదు. పిల్లలేమో రాళ్లు పేర్చి ఆనకట్ట కడతారు, ముచ్చటగానే ఉంటుంది, కానీ ట్రౌట్ తినే పురుగులుండేది ఆ రాళ్ల కిందే. కట్టనివ్వకండి. రాయి ఒకటి తిరగేసి పురుగుల్ని చూపించి మళ్లీ అక్కడే పెట్టించండి, ఆనకట్ట కంటే ఎక్కువసేపు ఆడుకుంటారు.

ఇంకోటి, ఒక నదిలో తడిసిన బూట్లతో అదే రోజు ఇంకో నదిలో దిగకండి. మస్కోనెట్‌కాంగ్ నదిలో న్యూజిలాండ్ మట్టి నత్త దొరికింది. బియ్యపు గింజ కంటే చిన్నది, మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని పెడుతుంది, అంటే బూటు కింద అంటుకున్న ఒక్క నత్త చాలు కొత్త నదిని నింపేయడానికి. మట్టి కడిగి, బూట్లు పూర్తిగా ఎండనిచ్చి అప్పుడు వేరే చోటికి వెళ్లండి. రోగాలు కూడా ఇలా ప్రయాణం చేయగలవు. 2016 ఆగస్టులో మోంటానాలో ఒక పరాన్నజీవి వల్ల వేల చేపలు చచ్చి తేలితే, యెల్లోస్టోన్ నదిని 183 మైళ్ల మేర మూసేశారు. గాలమే కాదు, పడవలూ ఈతలూ అన్నీ బంద్.

మరి కొత్తవాళ్లు ఎలా నేర్చుకోవాలి, ఇది పెద్దమనిషి గుత్తాధిపత్యం కాదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. ట్రౌట్ వదిలే నదుల జాబితా రాష్ట్రం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది, సహజ ట్రౌట్ వాగుల జాబితా కూడా రూల్స్ పుస్తకంలో ఉంది. నేను దాచేదేం లేదు, వెతుక్కునే శ్రమ మాత్రం మీరే పడాలంటున్నాను. జాబితా చదివి, మ్యాపు చూసి, రెండు మైళ్లు నడిచి చేరుకున్న మనిషి ఆ వాగుని చూసే తీరు వేరుగా ఉంటుంది, పిన్ నొక్కి కారు దిగిన మనిషి తీరు వేరు. నేర్చుకోవాలంటే నాతో రండి, పెద్ద నది దగ్గరకు తీసుకెళ్తాను, తాడు కట్టడం దగ్గర్నుంచి చూపిస్తాను. పిన్ మాత్రం పంపను.

జూన్ మొదటి శనివారం సౌత్ బ్రాంచ్ గట్టు మీద చెత్త ఏరుదామని కొందరం అనుకుంటున్నాం, అప్పటికి ఏప్రిల్, మే హడావుడి తగ్గిపోతుంది, ఏరడానికి కావలసినంత మిగిలి ఉంటుంది. దళసరి గ్లౌజులు, నైలాన్ తాడు తెంపడానికి చిన్న కత్తెర, పూర్తి ప్యాంటు తెచ్చుకోండి, పిడుదులు (టిక్స్) కుట్టే కాలం అది. మంచినీళ్ల బాటిళ్ల కేసు ఎవరూ తేవద్దు, ఎవరి సీసా వాళ్లదే. పులిహోర మా ఇంటి నుంచి వస్తుంది, కంచాలు కూడా స్టీలువి నేనే తెస్తాను, కడిగే పని మాత్రం తిన్నవాళ్లదే.