ఆరు పుస్తకాల వేసవి

ఇంగ్లండ్‌లో బడులకు వేసవి సెలవులు జూలై మూడో వారం దాటాక మొదలవుతాయి. అక్కణ్నుంచి ఆరు వారాలు మా లైబ్రరీలో ఎవరికీ సెలవు దొరకదు. ఏడాది మొత్తంలో పిల్లలతో కిటకిటలాడేది అప్పుడే. అందుకే నా సెలవులు ఎప్పుడూ మే నెలలో పడతాయి. ‘ఈ ఎండలకు ఏంటికి వస్తావు తల్లీ, సంక్రాంతికి రాగూడదా’ అని అమ్మ ప్రతిసారీ అంటుంది. కర్నూలు మే నెల ఎరిగినవాళ్లెవరూ కోరి రారు, నిజమే. కానీ ఇక్కడి పిల్లలకు సెలవులు కూడా అప్పుడే. ఈసారి నాకు కావాల్సింది అదే.

ఇంగ్లండ్ నడిమధ్యనున్న మిడ్‌లాండ్స్‌లోని ఒక చిన్న ఊళ్లో కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, నడిపే పబ్లిక్ లైబ్రరీలో నేను అసిస్టెంట్‌ని. మా ఆయన ఉద్యోగం మీద వెళ్లాం. కర్నూల్లో లైబ్రరీ సైన్సు చదివాను గానీ, ఇంటర్వ్యూలో దాని గురించి ఎక్కువ అడగలేదు. పిల్లలతో మాట్లాడే ఓపిక ఉందా అని అడిగారు. చేరేముందు డీబీఎస్ అనే పోలీసు రికార్డుల తనిఖీ జరిగింది. పిల్లలతో పని ఉన్న ఉద్యోగాలకు అక్కడ అది మామూలే. ఏడ్చే బిడ్డను మనమైతే చటుక్కున ఎత్తుకుంటాం. అక్కడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల్లి వచ్చేదాకా మాటలు చెప్పాలి. ఎంత కాలమైనా నా చేతులకు అది కష్టంగానే ఉంటుంది.

రోజువారీ పని చాలావరకు సర్దుబాటే. తిరిగొచ్చిన పుస్తకాలు స్కాన్ చేసి, బండి మీద పేర్చి, వాటి చోట్లలో పెట్టాలి. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీయాలి. పెద్దవాళ్లకు కౌన్సిల్ దరఖాస్తులు కంప్యూటర్లో నింపడం చూపించాలి. వారానికొక పొద్దున పసిపిల్లలకు పాటలుంటాయి. తల్లులు, తాతలు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తివాచీ మీద గుండ్రంగా కూర్చుంటారు. నా వంతు వచ్చినప్పుడు చెమ్మచెక్క ఆడిస్తాను. మాట రాని పిల్లలు కూడా చేతులు చాస్తారు. ఆ దేశంలో పుస్తకం అంత చిన్నప్పుడే ఇంటికి చేరుతుంది. 1992లో బర్మింగ్‌హామ్‌లో 300 మంది పసిపిల్లలకు పుస్తకాల సంచులిచ్చి బుక్‌స్టార్ట్ అని ఒక పని మొదలుపెట్టారు. తర్వాత అది దేశమంతా పాకింది.

ఇక వేసవి. 1999 నుంచి రీడింగ్ ఏజెన్సీ అనే సంస్థ పబ్లిక్ లైబ్రరీలతో కలిసి సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్ నడుపుతోంది. నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలెవరైనా చేరవచ్చు. పైసా కట్టక్కర్లేదు. సెలవుల్లో ఆరు పుస్తకాలు చదవాలి, అంతే. ఏటా ఒక విషయం ఎంచుకుంటారు. 2023లో ఆటలు, 2024లో కళలు, చేతిపనులు, 2025లో తోటలు, ప్రకృతి. దానికి తగ్గట్టు గోడలకు బొమ్మలు కడతాం, బల్లల మీద రంగు కాగితాలు, కత్తెరలు, జిగురు పెడతాం. బయట వాన పడుతుంటే రెయిన్‌కోట్లు తడి కారుతూ వరసగా వచ్చేస్తారు.

చేరిన పిల్లకు ఒక అట్ట ఇస్తాం. కొన్ని పుస్తకాలు చదివి వచ్చినప్పుడల్లా దాని మీద అతికించుకోవడానికి స్టిక్కర్లు ఇస్తాం. వాటిలో గోటితో గీకితే వాసన వచ్చేవి కొన్నుంటాయి. ఒకమ్మాయి గీకి, తను చూసి, తమ్ముడికి చూపించి, చివరికి కౌంటరు మీదికి ఎగబాకి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆరూ పూర్తయితే సర్టిఫికెట్, మెడల్. అందరి కంటే ముందు చదివినవాళ్లకు, లావు పుస్తకం చదివినవాళ్లకు వేరే బహుమతి ఉండదు. ఆరు చదివిన ప్రతి బిడ్డకూ అదే మెడల్.

ఈ స్టిక్కర్లూ మెడళ్లూ ఎవరైనా అచ్చు వేయించవచ్చు. అసలు విషయం నడిచేది బల్ల దగ్గర. పిల్ల పుస్తకం తెచ్చి ముందు కూర్చుంటుంది. మేమో, పదమూడు పద్నాలుగేళ్ల వాలంటీర్లో ఎదురుగా కూర్చుని, ఆ పుస్తకం గురించి ఆమె చెప్పేది వింటాం. అది పరీక్ష కాదు. ఏం నేర్చుకున్నావని అడగం. ఏ పేజీ మళ్లీ తిప్పి చూశావు? ఎవర్ని ఇంటికి పిలుస్తావు? ఎక్కడ నచ్చలేదు? ఇలాంటివి అడుగుతాం. పిల్ల చెప్తూ ఆగితే, ‘తర్వాత?’ అంటాం. తప్పు పలికితే దిద్దం.

ఒకసారి మన తెలుగువాళ్లే ఒకాయన కొడుకుని తీసుకొచ్చారు. ఆ బాబు తెచ్చింది ఫుట్‌బాల్ గోల్‌కీపర్ల గురించి పల్చటి బొమ్మల పుస్తకం. తండ్రికి నచ్చలేదు. ‘ఇదేం పుస్తకమండీ, కాస్త వాడి లెవెల్ పెంచే పుస్తకం ఇప్పించండి’ అన్నారు. ఇదీ లెక్కలోకి వస్తుందండీ అని చెప్పి, బాబుని అడిగాను. గ్లౌజుల లోపల వేళ్లు వెనక్కి విరగకుండా సన్నని బద్దలుంటాయని తన వేలు వంచి చూపిస్తూ చెప్పాడు. బంతి ఎటు పోతుందో ముందే ఎలా కనిపెడతారో లేచి నిలబడి చూపించాడు. తండ్రి కుర్చీ దగ్గరికి లాక్కుని వింటూ కూర్చున్నారు. బొమ్మల పుస్తకాలు, కామిక్స్, చెవులతో వినేవి, ఇంట్లో మాట్లాడే భాషలోవి, అన్నీ లెక్కే. నా దృష్టిలో ఆ కార్యక్రమానికి ప్రాణం ఈ నియమమే.

మన దగ్గర పుస్తకాలంటే ప్రేమ లేక కాదు. ఆంధ్రదేశమంతా తిరిగి గ్రంథాలయోద్యమాన్ని నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూల్లోనే, 1883లో. పత్రికలో రాసిన రాతకు 1908లో జైలుకు వెళ్లినాయన, తర్వాతి కాలంలో గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఎంతో చేశారు. ఇంగ్లండ్‌లో లైబ్రరీ చట్టం 1850 నుంచి ఉంది. మనకు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే 1948లో చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మా అన్న నమ్మకపోతే ఆయన కట్టిన రసీదే తీసి ఆ గడి చూపించాను. ‘మనం కడుతున్నామా?’ అన్నాడు. కడుతున్నాం. పిల్లల్ని అక్కడికి పంపడమే మానేశాం.

మరుసటి రోజు పొద్దున అన్న పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాను. వేసవి విజ్ఞాన శిబిరం నడుస్తోంది. ఎండ ముదరకముందే పిల్లలు వచ్చేశారు. పెద్ద హాల్లో గ్రూప్-2కీ డీఎస్సీకీ చదివే కుర్రాళ్లు తల ఎత్తడం లేదు. పేపర్ల బల్ల దగ్గర పెద్దాయనలు. పక్క గదిలో జంపఖానా మీద పిల్లలు, ఒక మూల చదరంగం, ఒక మూల బొమ్మలు, మధ్యలో కథలు. గ్రంథాలయాధికారికి నా పని సంగతి చెప్తే, ‘అయితే కాసేపు కూర్చోమ్మా వీళ్ల కాడ’ అన్నారు.

పదేళ్ల పిల్ల ఒకతి కథ చెప్తానని లేచింది. చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ, సింహం కుందేలు బావి కథను పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పి, ‘ఈ కథలో నీతి’ అని మొదలుపెట్టింది. మనం పెంచిన పద్ధతి అది. కథ అయిన వెంటనే నీతి ఏంది అని అడుగుతాం, బిడ్డ చెప్పేస్తుంది, అక్కడితో కథ మూసేస్తాం. కూర్చో అమ్మా, నీతి తర్వాత చూద్దాం, నీకు ఎక్కడ భయమేసింది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు.

‘భయం కాదక్కా. మా ఊరి బావిలో నీళ్లు లేవు. కుందేలు మా ఊరికి వచ్చింటే సింహానికి ఏం చూపిస్తుండె?’

నీళ్లు లేకపోతే నీడ కూడా కనపడదు కదా! ఆ మాటకు చదరంగం దగ్గర పిల్లలు కూడా లేచొచ్చారు. ఒకడు హంద్రీ నది దగ్గరికి తీసుకుపోవాలన్నాడు. వానలొస్తేనే నీళ్లు అందులో, అన్నాడు ఇంకొకడు. అద్దం చూపిస్తే చాలు కదా అంది మా మేనకోడలు. అద్దంలోకి దూకితే సింహం చావదని పెద్ద వాదన నడిచింది. ఆ అమ్మాయి చివరికి, ‘గుంటూరు కాడ బావులున్నాయి, నేను చూసినా’ అంది. ‘సుగ్గికి పోయినప్పుడు.’

ఆ పిల్లది కోసిగి వైపు. సెలవులకని మేనత్త ఇంటికి వచ్చింది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం పక్క ఊళ్లలో వానలు మొండికేస్తే పనులుండవు. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి ఇళ్లకు తాళాలేసి, పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు పోతారు. ఆ వలసనే సుగ్గి అంటారు. మళ్లీ ఉగాదికి అటూ ఇటూగా వస్తారు. పిల్లలు కూడా వెంట పోతారు. ఉన్న ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు పెట్టినా, తల్లిని వదిలి ఉండలేని చిన్నవాళ్లు పోతూనే ఉంటారు. ఆరు వారాల సెలవుల్లో పిల్లల చదవడం మందగిస్తుందన్న భయంతో ఇంగ్లండ్‌లో అంత పెద్ద కార్యక్రమం నడుపుతున్నారు. మన పిల్లలకు నెలలకు నెలలు బడి పోతోంది. కర్నూలు జిల్లాకు చదువుల విషయంలో గడ్డు కాలం మే నెల కాదు, సుగ్గి కాలం.

నేనూ పని కోసమే దేశం దాటాను. నా కూతురికి పోయిన చోట మొదటి వారంలోనే లైబ్రరీ కార్డు దొరికింది. గుంటూరు చేల గట్టున గుడారంలో ఉన్న బిడ్డకు ఎవరిస్తారు? ఈ ప్రశ్న అప్పటినుంచీ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా. మూటలు కట్టుకునే రోజులకు కొంచెం ముందే. ఆ వారంలో వ్యాసరచన, వక్తృత్వం పోటీలు పెడతాం, ముగ్గురికి బహుమతులిస్తాం. చిన్నప్పుడు నేనూ అందుకున్నాను, కాదనను. కానీ ఆ వారంలోనే సుగ్గికి పోయే ప్రతి బిడ్డ సంచిలో ఆరు పల్చటి పుస్తకాలు పెట్టి పంపవచ్చు. ఉగాదికి తిరిగొచ్చాక బల్ల వేసుకుని, ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి వినవచ్చు. హాస్టల్లో ఉన్నవాళ్లకైతే సాయంత్రాలు అదే పని. ఇంటర్ చదివే పిల్లలు ఊరూరా ఉన్నారు, వినడం వాళ్లకు నేర్పవచ్చు.

గ్రంథాలయాధికారి అంతా విన్నారు. ‘పుస్తకాలు తిరిగి రాకపోతే లెక్క ఎవరు చెప్పాలమ్మా?’ అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. ప్రతి పుస్తకానికీ ఆయన సంతకం ఉంటుంది. మొదటి ఏడాది పుస్తకాలు గ్రంథాలయానివి వద్దు, నేనూ నా స్నేహితులూ కొనిస్తాం, పోయినా ఎవరినీ అడగం అన్నాను. డ్రాయరు లాగి కాగితం తీశారు. కోసిగి, కౌతాళం అని రాశారు. పెద్దకడబూరు కూడా రాయండి సార్ అన్నాను. ‘ముందు ఒక ఊరు సరిగ్గా చేద్దాంలేమ్మా’ అని కోసిగి కింద గీత గీశారు. కర్ణాటకకు ఆనుకున్న ఆ అంచున చాలా ఇళ్లలో కన్నడ మాట్లాడతారు, కొన్ని కన్నడ పుస్తకాలు కూడా చూడమన్నారు. ఆ పట్టీయే ఇప్పుడు తయారు చేస్తున్నాను. పెద్ద అక్షరాలు, తడికి చెడని గట్టి అట్ట, పేజీకి నాలుగైదు వాక్యాలు ఉన్నవి తెలుగులో, కన్నడలో మీకు తెలిస్తే చెప్పండి.