మా రౌటర్‌కి ఇంకా 1970వ సంవత్సరమే

మావాడు తొమ్మిదో తరగతి. రాత్రి పదిన్నరకి వాడి ట్యాబ్‌కి నెట్ ఆగిపోవాలి, పొద్దున్న ఆరింటికి మళ్లీ రావాలి. నేను రౌటర్‌ని అడిగింది ఇంతే. దీనికోసం దాదాపు నెలరోజులు కొట్టుకున్నాను. చివరికి తేలిందేంటంటే తప్పు షెడ్యూల్‌లో లేదు, మావాడి తెలివిలో కొంత ఉంది గానీ అసలు తప్పు గడియారంలో ఉంది.

మొదట్నుంచీ చెప్తాను. రౌటర్ పేజీలో పేరెంటల్ కంట్రోల్స్ అని ఒకటి ఉంటుంది కదా, అందులో ట్యాబ్‌ని ఎంచుకుని 22:30 నుంచి 06:00 అని కొడితే తీసుకోలేదు. ముగిసే టైం మొదలయ్యే టైం కంటే పెద్దదిగా ఉండాలట. అర్ధరాత్రి దాటడం అనేది దానికి అర్థం కాదు. అందుకని రెండు ముక్కలు చేశాను, 22:30 నుంచి 23:59 ఒకటి, 00:00 నుంచి 06:00 ఇంకోటి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. శనివారం రాత్రి కాస్త వదిలేద్దాంలే అనుకుంటే మొదటి ముక్కలో శనివారం తీసేయాలి, రెండో ముక్కలో ఆదివారం తీసేయాలి, ఎందుకంటే పన్నెండు దాటగానే రౌటర్ లెక్కలో అది ఆదివారం. రెండింట్లోనూ శనివారమే తీసేసి, "నాన్నా, పన్నెండింటికి ఆగిపోయింది" అని మావాడితో చెప్పించుకున్నాను.

టైం జోన్ సంగతి కూడా అంతే. కొత్త రౌటర్లు చాలావరకు జీఎంటీ (గ్రీన్‌విచ్ టైం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) మీద ఉండి వస్తాయి, మనమే జాబితాలో కిందికి వెళ్లి 5:30 ఉన్న లైను పట్టుకోవాలి. అది మార్చకపోతే రాత్రి పదిన్నరకి పెట్టిన అడ్డు తెల్లవారుజామున నాలుగింటికి పడుతుంది. నేను మార్చాను. తర్వాత టైం ఎక్కడినుంచి తీసుకోవాలి అని అడిగితే, "కంప్యూటర్ టైం తీసుకో" అని ఒక బటన్ ఉంది, అది నొక్కాను. సరిగ్గా చూపించింది. బాగుంది కదా అని వదిలేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పు.

రెండు వారాలు అన్నీ చక్కగా నడిచాయి. తర్వాత అక్టోబరులో ఒక సాయంత్రం గాలి లేచింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లినప్పట్నుంచీ మా విశాఖలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ముందు ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టి, బకెట్లలో నీళ్లు పట్టి, తర్వాతే కిటికీలు వేస్తాం. ఎంవీపీ కాలనీలో మా వీధికి ఒక గంట కరెంటు పోయి వచ్చింది. అంతే, అక్కడ్నుంచి మొదలు. పట్టపగల్లాంటి ఐదు గంటలకి ట్యాబ్‌కి నెట్ లేదు. సరిగ్గా అరగంట తర్వాత దానంతట అదే వచ్చింది. ఆ రాత్రి పదిన్నర దాటింది, పదకొండు దాటింది, నెట్ ఆగలేదు. నాకు తెలియలేదు, నేను పడుకున్నాను. మావాడికి తెలిసింది.

తర్వాత కొన్నాళ్లకి మా అత్తయ్య యథాలాపంగా అన్నారు, "వాడు స్కూల్నుంచి రాగానే ఆ డబ్బా స్విచ్ ఆపి మళ్లీ వేస్తున్నాడేంట్రా, పాడైపోదూ?" అని. అప్పుడు కూర్చుని రౌటర్ లాగ్, అంటే ఎప్పుడేం జరిగిందో అది రాసుకునే చిట్టా, తెరిచాను. పైన మొదటి లైను మీద తేదీ చూసి కళ్లు నులుముకున్నాను: 1970 జనవరి 1, 05:30.

కంప్యూటర్లో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేకపోయినా గడియారం నడిపేది అదే. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి అది ఉండదు. కరెంటు పోతే టైం కూడా పోతుంది, నేను బటన్ నొక్కి కంప్యూటర్ నుంచి ఒక్కసారి తెచ్చి పెట్టిన టైం అలాగే పోయింది. మళ్లీ లేచినప్పుడు కొన్ని రౌటర్లు తమ సాఫ్ట్‌వేర్ తయారైన తేదీ నుంచి మొదలుపెడతాయి, మాది మాత్రం సున్నా నుంచి మొదలుపెడుతుంది. రౌటర్లని నడిపే లినక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో సున్నా అంటే 1970 జనవరి 1, గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి. మనకి అప్పుడు తెల్లవారుజాము ఐదున్నర. అంటే ఎప్పుడు ఆపి వేసినా మా రౌటర్‌కి తెల్లవారుజాము ఐదున్నరే. ఆరింటిదాకా అడ్డు ఉంది కాబట్టి అరగంట నెట్ రాదు. ఆ తర్వాత దాని లెక్కలో రాత్రి పదిన్నర అయ్యేదాకా, అంటే పదహారున్నర గంటలు, ఏ అడ్డూ లేదు. సాయంత్రం ఐదింటికి స్విచ్ ఆపి వేస్తే ఐదున్నరకి తెరుచుకుని మర్నాడు పొద్దున్న పదింటికి మూసుకుంటుంది, అప్పటికి వాడు స్కూల్లో ఉంటాడు. అరగంట ఉపవాసం, పదహారున్నర గంటల విందు. ఈ లెక్క వాడు వేసుకున్నాడా, ఊరికే అలా కుదిరిందా అని అడిగితే నవ్వాడు గానీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే కోపం కంటే ముచ్చటే ఎక్కువేసింది, పైకి మాత్రం చూపించలేదు.

ఇది ఇక్కడితో ఆగితే నేనసలు ఈ పోస్టు రాయను. ఇదే రౌటర్లో నేను ఓపెన్‌వీపీఎన్ (బయట్నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి) కూడా పెట్టుకున్నాను, రుషికొండలో ఆఫీసు నుంచి ఇంట్లో హార్డ్‌డిస్కూ గుమ్మం ముందు కెమెరా చూసుకోవడానికి. ఆ గాలివాన రోజు తర్వాత అది కూడా కలవడం మానేసింది. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. వీపీఎన్ లాగ్‌లో "సర్టిఫికెట్ ఈజ్ నాట్ యెట్ వాలిడ్" అని ఉంది, అంటే ఈ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు అని. నేను దాన్ని సగమే చదివి, సర్టిఫికెట్ పాడైంది కాబోలు అనుకుని, ఆ రాత్రి రౌటర్ పేజీలో జనరేట్ బటన్ నొక్కి కొత్తది చేయించి ఫోన్లో ఎక్కించాను. మర్నాడు ఆఫీసు నుంచి చూస్తే ఫోన్ ఇంకో పాట పాడింది, "సర్టిఫికెట్ గడువు ముగిసింది" అని! నిన్న రాత్రి చేసినదానికి గడువు ముగియడమేంటి? రౌటరేమో ఇంకా మొదలవలేదంటుంది, ఫోనేమో అయిపోయిందంటుంది.

డిజిటల్ సర్టిఫికెట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అందులో ఒక పేరు, ఒక తాళానికి సంబంధించిన బయటి సగం, ఫలానావాళ్లు సంతకం చేశారు అన్న ముద్ర, వీటితోపాటు రెండు తేదీలు ఉంటాయి. నాట్ బిఫోర్, నాట్ ఆఫ్టర్. ఈ తేదీకి ముందు నన్ను నమ్మకు, ఈ తేదీ తర్వాత నన్ను నమ్మకు అని. ఎవరు తనిఖీ చేస్తుంటే వాళ్ల గడియారమే ప్రమాణం. నా ఫోన్ పాత సర్టిఫికెట్ నిజంగా మంచిదే, కానీ 1970లో కూర్చున్న రౌటర్ కళ్లకి అది భవిష్యత్తులో పుట్టబోయేది. కొత్తదాన్ని తెరిచి తేదీలు చూశాను. నాట్ బిఫోర్ 1970 జనవరి 1. గడువు పదేళ్లు, అంటే 3650 రోజులు, మధ్యలో రెండు లీపు సంవత్సరాలు పోగా నాట్ ఆఫ్టర్ 1979 డిసెంబర్ 30. నేను పుట్టకముందే గడువు ముగిసిపోయిన సర్టిఫికెట్‌ని నిన్న రాత్రి చేయించుకున్నానన్నమాట. మా ఆవిడకి చెప్తే, "మ్యూజియంలో పెట్టు" అంది.

ఇక బాగుచేసుకోవడం. టైం కోసం ఎన్‌టీపీ అని ఒక పద్ధతి ఉంది, అమెరికాలో డేవిడ్ మిల్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1985 ప్రాంతంలో తయారుచేసింది, ఇప్పటికీ ప్రపంచమంతా దానిమీదే నడుస్తోంది. యూడీపీ 123 పోర్టులో (టైం కోసం కేటాయించిన నెట్ ద్వారం) సర్వర్‌ని టైం అడిగి, జవాబు వచ్చేలోపు పట్టిన ఆలస్యాన్ని కూడా లెక్కగట్టి సరిచేసుకుంటుంది. మా రౌటర్లో ముందే రాసి ఉన్న ఎన్‌టీపీ సర్వర్ పేరు ఎప్పుడో మూలపడినట్టుంది, జవాబే లేదు. దాని స్థానంలో మన దేశానికి ఉన్న పూల్ (టైం సర్వర్ల గుంపు) చిరునామా ఇచ్చాను, "ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్". నిమిషంలో సరైన టైం వచ్చింది. అది వచ్చాకే, ఈసారి లాగ్‌లో తేదీ రెండుసార్లు చూసుకున్నాకే, జనరేట్ నొక్కాను. ఎవరైనా రౌటర్లో సర్టిఫికెట్ చేయించుకునేవాళ్లుంటే ఈ వరుస మాత్రం తప్పొద్దు.

అయిందనుకున్నాను. లేదు. రౌటర్ స్విచ్ ఆపి వేసి పరీక్షిస్తే మళ్లీ 1970! ఈసారి తప్పు పూర్తిగా నాదే. మధ్యలో ఎప్పుడో ఉత్సాహం కొద్దీ డీఎన్ఎస్‌ని (సైట్ల పేర్లకి ఐపీ అంకెలు వెతికిపెట్టేది) టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీదికి మార్చి పెట్టాను, అంటే పేర్లని వెతికే ప్రశ్నలు కూడా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. దానికి అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ని తనిఖీ చేయాలి. తనిఖీకి సరైన టైం కావాలి. టైం కావాలంటే ఎన్‌టీపీ సర్వర్ పేరు వెతకాలి. పేరు వెతకాలంటే డీఎన్ఎస్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అంటారే, సాక్షాత్తూ అదే. దీన్ని తెంచడానికి రెండో ఎన్‌టీపీ గడిలో పేరు కాకుండా నేరుగా ఐపీ అంకెలు ఇచ్చాను, 162.159.200.1, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల టైం సర్వర్. అంకెలకి డీఎన్ఎస్‌తో పనిలేదు. ఆ అంకెలు ఎప్పుడైనా మారితే మళ్లీ నేనే చూసుకోవాలి, ఒప్పుకుంటాను.

గాజువాక నుంచి మా బావ సలహా ఇచ్చాడు, ఇంత గోలెందుకు, రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనుక్కో అని. కొన్నాను కూడా, మంచిదే, కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ 9 వోల్టులా 12 వోల్టులా చూసుకోండి. కానీ యూపీఎస్ రోగాన్ని దాస్తుందే తప్ప తగ్గించదు, స్విచ్ దగ్గరికి మావాడి చెయ్యి వెళ్లినంతకాలం రౌటర్ పడిలేవాల్సిందే.

పనిలో పనిగా రౌటర్ పేజీ తెరిస్తే బ్రౌజర్ పెట్టే ఎర్ర హెచ్చరిక గురించి కూడా ఒక మాట. 192.168.1.1 అనేది ఎన్నో ఇళ్లలో రౌటర్‌కి ఉండే చిరునామా, దానికి బయటి సంస్థలేవీ సర్టిఫికెట్ ఇవ్వవు, అందుకే రౌటర్ తనకి తానే సంతకం చేసుకుంటుంది, బ్రౌజర్ దాన్ని నమ్మదు. ఇంట్లో మన రౌటర్ పేజీకి అయితే భయపడక్కర్లేదు. బయట ఏ హోటల్ వైఫైలోనో బ్యాంకు పేజీకి అలాంటి హెచ్చరిక వస్తే మాత్రం దాటి ముందుకెళ్లకండి.

మావాడు ఈమధ్య ట్యాబ్‌లో మ్యాక్ అడ్రస్ (రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) సెట్టింగ్ తడుముతున్నాడు. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్రతి వైఫైకీ వేరే మ్యాక్ వేసుకునే సౌకర్యం ఉంది కాబట్టి దాన్ని మారిస్తే రౌటర్‌కి కొత్త పరికరంలా కనిపిస్తుంది, షెడ్యూల్ వర్తించదు. కొత్త పరికరం ఏది వచ్చినా నేను ఒప్పుకుంటేనే నెట్ వచ్చేలా పెట్టాను. వాడింకా కనిపెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసేంతసేపు. వచ్చాక లాగ్ తెరిచాను. మొదటి నాలుగు లైన్లు 1970, ఐదో లైను నుంచి నిన్నటి తేదీ. మావాడు నా వెనకాలే నిలబడి చూశాడు. ఏమీ అనలేదు, వెళ్లి లెక్కల పుస్తకం తీశాడు.