కుక్క దొరికిందా టీచర్?

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఇవాళ నో బ్యాగ్ డే. పిల్లలకు పండగ, మాకు గొంతు పోవడం. లెక్కల సార్ సెలవు పెట్టడంతో ఆరో పీరియడ్ ఏడో తరగతి నా నెత్తిన పడింది. "ఏదన్నా కథ చెప్పండి మేడమ్, గోల లేకుండా ఉంటే చాలు" అన్నారు హెచ్చెమ్ గారు.

కథ చెప్పడం నాకు కష్టం కాదు. కథ అయ్యాక వచ్చే ఘట్టమే కష్టం. "ఇందులో ఏముందిరా?" అని అడగ్గానే ముప్ఫై గొంతులు ఒక్కసారిగా "ఈ కథలోని నీతి..." అని అందుకుంటాయి. పాపం, వాళ్ళ తప్పు కాదు. ఒకటో తరగతి నుంచీ ప్రతి కథ కిందా గీత కొట్టించి 'నీతి' అని రాయించింది మేమే. ఐకమత్యమే మహాబలం, కష్టే ఫలి, ధైర్యే సాహసే లక్ష్మీ. ఈ మూడూ జేబులో వేసుకుని తిరుగుతారు. ఏ కథకైనా మూడింట్లో ఒకటి అతికిపోతుంది. అతకడమే చిక్కు.

పోయిన నెల "నీతి వద్దు, థీమ్ చెప్పండి" అన్నాను. "థీమ్ అంటే ఫోన్లో మార్చుకునేది కదా టీచర్?" అన్నాడు కిటికీ పక్క కూర్చునేవాడు. ఇతివృత్తం అనేసరికి ఇంకా బిక్కచచ్చిపోయారు. అందుకే ఇవాళ ఏ పేరూ పెట్టలేదు. రెండు నిజం కథలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. రెండింట్లోనూ విమానం కూలుతుంది, రెండింట్లోనూ అడవి. నల్లమల పక్కన పెరిగే పిల్లలకు అడవి అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మొదటిది జూలియానె కోప్కె కథ. 1971 డిసెంబర్ 24, పెరూ దేశం. పదిహేడేళ్ల పిల్ల, పక్క సీట్లో అమ్మ. పిడుగు పడి విమానం గాల్లోనే ముక్కలైంది. సీటుకు కట్టిన బెల్టుతో సహా సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి అడవిలో పడింది. విమానంలో 92 మంది ఉంటే మిగిలింది ఈమె ఒక్కతే. కళ్ళజోడు పోయింది, ఒక కాలికే చెప్పు. ఆమె తల్లిదండ్రులు జంతుశాస్త్రవేత్తలు, అడవిలోనే పరిశోధన కేంద్రం పెట్టుకుని ఉండేవాళ్ళు. చిన్న వాగు వెంట పోతే పెద్ద వాగు వస్తుంది, దాని వెంట పోతే మనుషులు కనిపిస్తారని నాన్న ఎప్పుడో చెప్పాడు. ఆ మాట పట్టుకుని నడిచింది. అడుగు వేసేముందు ఆ ఒక్క చెప్పుతోనే ముందున్న నేల తడిమి, పామేమైనా ఉందేమో చూసుకునేది.

చేతి మీద పుండుకు పురుగులు పట్టాయి. ఒడ్డున ఒక పడవ, అక్కడే దాని ఇంజనుకు వాడే పెట్రోలు కనిపిస్తే ఆ పెట్రోలు పుండు మీద పోసుకుంది. ఇంట్లో కుక్కకు పురుగులు పడితే నాన్న కిరోసిన్ పోయడం చూసింది మరి. ఇది చెప్పగానే వెనక బెంచీలోంచి "మా తాత కూడా అంతే టీచర్! గేదె పుండులో కలరా ఉండలు పొడి చేసి కూరుతాడు, పురుగులన్నీ బైటికొస్తాయి" అన్నాడొకడు. ఆడపిల్లలు ఛీ అన్నారు. ఆ పురుగుల వర్ణన ఆపించి, పదకొండు రోజుల తర్వాత ఆమె మనుషుల చేతికి చిక్కేదాకా కథ నడిపించేసరికి పావుగంట.

ఇప్పుడు చెప్పండి అన్నాను. "నీతి టీచర్! అడవిలో తప్పిపోతే ఆగకూడదు, నడుస్తూనే ఉండాలి." బోర్డు మీద పెద్ద అక్షరాలతో అదే రాశాను. ఒక్క మాట అనలేదు.

రెండోది 2023 మే ఒకటిన. కొలంబియా, అమెజాన్ అడవి. చిన్న విమానం, ఇంజను చెడిపోయి కూలింది. పెద్దవాళ్ళు ముగ్గురూ పోయారు, అందులో పిల్లల తల్లి ఒకరు. మిగిలింది నలుగురు పిల్లలు. పెద్దమ్మాయికి పదమూడు, తర్వాత తొమ్మిదేళ్ల చెల్లి, నాలుగేళ్ల తమ్ముడు, ఇంకా ఏడాది నిండని పాప. ఆ పాప మొదటి పుట్టినరోజు అడవిలోనే అయిపోయింది. వాళ్ళు హుయిటోటో అనే ఆదివాసీ తెగ పిల్లలు. విమానంలో ఉన్న ఫరీన్యా తీసుకెళ్ళారు. కర్రపెండలం తురిమి, రసం పిండేసి, వేయించి చేసే రవ్వ అది. సగ్గుబియ్యం చేసే దుంపేరా అంటే అందరికీ తెలిసింది. అందులో చేదు రకం పచ్చిగా తింటే విషం, అందుకే అంత తతంగం అన్నాను. రవ్వ అయిపోయాక అడవి పళ్ళు, గింజలు. ఏది తినొచ్చో ఏది తినకూడదో ఇంట్లోవాళ్ళు నేర్పిందే.

సైనికులు, ఆదివాసీలు కలిసి వెతికారు. పిల్లల అమ్మమ్మ గొంతు వాళ్ళ భాషలోనే రికార్డు చేసి హెలికాప్టర్ మైకుల్లో అడవంతా వినిపించారు. ఉన్నచోటే ఉండండి, మీకోసం వెతుకుతున్నారు అని. నలభై రోజులకు, జూన్ తొమ్మిదిన, నలుగురూ ప్రాణాలతో దొరికారు. పాపను ఎత్తుకున్న అక్క మొదట అన్నది ఆకలేస్తోందని.

కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత కిటికీ పక్కవాడు బోర్డు వైపు చూపించాడు. "టీచర్, ఒకరేమో నడవాలి, ఒకరేమో ఆగాలి. ఏది కరెక్టు?"

ఇదే కదా నాకు కావలసింది! బోర్డు మీద వాక్యం చెరిపేశాను. "రెండూ ఆయా చోట కరెక్టే. నీతి ఒక కథకు పనికొచ్చి ఇంకోదానికి అడ్డం తిరిగింది. రెండు కథల్లోనూ ఏదో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తోంది, అది పట్టుకోండి" అన్నాను. విమానం అన్నారు. అడవి అన్నారు. ఆకలి అన్నారు. అన్నీ రాశాను. అప్పుడు మూడో బెంచీ అమ్మాయి లేచి, "రెండింట్లోనూ అమ్మ చనిపోయింది టీచర్" అంది.

నిజంగా నేను చూసుకోలేదు. విమానమూ అడవీ కలిశాయని రెండు కథలు ఏరుకొచ్చాను గానీ, ఈ తరగతిలో ఎవరు కూర్చుంటారో ఆలోచించలేదు. తొమ్మిది మంది అమ్మమ్మల దగ్గరో నానమ్మల దగ్గరో ఉండి చదువుకుంటున్నారు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బేల్దారి పనికి పోయారు. ఈ అమ్మాయీ వాళ్ళలో ఒకతి, ఇద్దరు తమ్ముళ్ళు ఈమె చేతి కిందే. బళ్ళో శుక్రవారం ఇచ్చే చిక్కీ తినకుండా ఇంటికి పట్టుకెళ్తుందని నాకు తెలుసు.

నాకు టెన్షన్ వచ్చి మాట మారుద్దామనుకున్నాను. ఆమె కూర్చోలేదు. "నాన్న చెప్పిన వాగు, అమ్మమ్మ గొంతు. ఎవరూ దగ్గర లేరు, చెప్పిందే ఉంది" అంది. ఇంకేదో అనబోయి ఆగింది. గేదె తాత మనవడు వెంటనే "కిరోసిన్ కూడా టీచర్! అదీ నాన్నదే" అన్నాడు. అక్కణ్ణుంచి వరసగా అందుకున్నారు. పళ్ళు ఎవరు చూపించారు, రవ్వ చేయడం ఎవరిది. ఏ పరీక్షలోనూ రాయని మాటలు. దీన్నే థీమ్ అంటారని చెప్పాలనుకుని చెప్పలేదు. చెబితే వెంటనే నోటుబుక్కులో గీత కొట్టేస్తారు.

ఇంతలో ఒకడికి సందేహం. వెతకడానికి కుక్కల్ని తీసుకెళ్ళలేదా అని. తీసుకెళ్ళారు, వాటిలో విల్సన్ అనే కుక్క అడవిలో తప్పిపోయింది అన్నాను. అనకుండా ఉండాల్సింది. థీమ్ లేదు, అమ్మమ్మ లేదు, అందరికీ కుక్కే కావాలి. దొరికిందా? పిల్లలు ఆసుపత్రిలో ఉండి దాని బొమ్మ గీశారనీ, సైనికులు ఇంకొన్ని వారాలు వెతికారనీ చెప్పాను. దొరకలేదనీ చెప్పాల్సి వచ్చింది. "అది మిలిటరీ కుక్క కదా, దానికేం తెలీదా?" అన్నాడు వాడు. దాని నాన్న దానికేం చెప్పలేదు గదరా అన్నాడు పక్కవాడు. నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.

బెల్ కొట్టారు. సైకిల్ స్టాండు దగ్గర బండి తీస్తుంటే వాడే మళ్ళీ వచ్చాడు, ఒక చెప్పు తెగి చేతిలో పట్టుకుని. "సోమవారం లోపల దొరికితే చెప్తారా టీచర్?"

చెప్తానన్నాను.