అటక మీద మా అమ్మాయి గది

"నాన్నా, నాకు తలుపున్న గది ఒకటి కావాలి." సంక్రాంతి సెలవుల్లో మా పెద్దమ్మాయి అడిగిన మాట ఇది. వచ్చే ఏడాది పదో తరగతి. మా ఇల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లెలో, మా తాత కట్టిన పెంకుటిల్లు. ముందు వసారా, మధ్యన హాలు, పక్కన దింపులో ఒక గది, వెనక వంటిల్లు. ఇందులో అమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. హాల్లో టీవీ పెడితే చదువుకునే పిల్లకి చోటు లేదు. చుట్టుపక్కల అందరూ పడగొట్టి శ్లాబు వేసుకోమన్నారు. అంత డబ్బు లేదు, ఉన్నా ఆ పనస దూలాలు విప్పి అమ్ముకోడానికి నాకు మనసు ఒప్పదు. ఆ రాత్రి పడుకుని పైకి చూస్తుంటే అటక కనిపించింది. అక్కడ మొదలైంది.

మా వైపు కొబ్బరితోట ఉన్న ఇంట్లో అటక అంటే కాయల చోటు. దింపిన కాయల్లో కొన్ని పైకి చేరవేస్తే, పెంకుల వేడికి లోపలి నీళ్ళు మెల్లగా ఇంకి కురిడీ అవుతాయి. వాటితోపాటు పెళ్ళిళ్ళ నాటి గంగాళాలు, విరిగిన మంచం పట్టెలు, తాత వాడిన బాడిస, పాత ట్రంకుపెట్టె. అమ్మకి చెప్పగానే మొదట అడిగింది ఒక్కటే: "మరి కాయలెక్కడెట్టాలిరా?" తర్వాత కాసేపు ఆలోచించి, "ఆడపిల్ల అటక మీద పడుకోడమేటి, మేలో ఒక్క గంట ఎక్కి కూసో, నీకే తెలుస్తాది" అంది. అమ్మ మాటని అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఒక నెల పని, పదివేల పైచిలుకు డబ్బు మిగిలేది.

ముందు కొలిచాను. హాలు మీద అటక 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. పక్కగోడలు అటక మీదికి మూడున్నర అడుగులు లేచాయి, రెండు వైపుల కప్పూ కలిసే కొప్పు దగ్గర ఎనిమిది అడుగుల పైన ఉంది. అంటే మధ్యలో ఆరడుగుల మేర మనిషి తల వంచకుండా నడవగలడు, మిగతాదంతా కూర్చోడానికి, పడుకోడానికి. పాత ఇళ్ళన్నిటికీ ఈ ఎత్తు ఉండదు. మధ్యలో నిలబడితే తలకి పెంకు తగిలే అటక అయితే గది ఆలోచన వదిలేయడమే మంచిది, కాయలకి ఉంచండి.

రెండో పని కర్ర చూడడం. ఒక టార్చి, ఒక పెద్ద స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రతి దూలాన్నీ, అటక చెక్కల్ని మోసే ప్రతి దంతెనీ పొడిచి చూశాను. గట్టి కర్రలో మొన దిగదు. చెదలు తిన్నదైతే పైన రంగు బాగానే ఉంటుంది, మొన మాత్రం రస్కులోకి దిగినట్టు దిగిపోతుంది. ముఖ్యంగా చూడాల్సింది గోడలోకి దూరిన చివరలు, తడి చేరేది అక్కడే. ఏడు దంతెల్లో ఒకటి అలాగే ఉంది, పడమటి గోడ వైపు జానెడు మేర పొడి. మా ఊరి వడ్రంగి నాకు వరసకి మావ, ఆయన్ని పిలిచి దాని పక్కనే కొత్త కర్ర జోడీగా వేయించి బోల్టులు బిగించాను. మిగతావాటికి చెదల మందు రెండుసార్లు పూసి, ఆరేదాకా పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వలేదు.

ఇక మట్టి. ఇది నేను అనుకోని సంగతి. అటక చెక్కల మీద తాతలనాడు మూడంగుళాల మందాన బంకమట్టి మెత్తారు. కింద హాలు చల్లగా ఉండడానికి, పైన పెంకుల కింద నిప్పు అంటుకున్నా కిందికి దిగకుండా ఉండడానికి. మూడంగుళాల మట్టి అంటే చదరపు మీటరుకి సుమారు 120 కిలోలు. మొత్తం అటకకి లెక్క వేస్తే రెండు టన్నులకి దగ్గర! అన్నేళ్ళుగా ఆ దంతెలు ఆ బరువు మోస్తూనే ఉన్నాయి, పైన కాయలు అదనం. ఇళ్ళలో పడకగదికి మనుషులూ సామాన్లూ కలిపి చదరపు మీటరుకి 200 కిలోల బరువు పట్టేలా లెక్క వేయాలని మన దేశపు ప్రమాణం. మట్టి తీసేస్తే ఆ మేరకి కలిసొస్తుంది కానీ మిగతాది దంతెల మందం, వాటి మధ్య ఎడం బట్టి ఉంటుంది. మా బంధువుల్లో సివిల్ ఇంజనీరు ఒకాయన వచ్చి కొలిచి, సరిపోతుంది అన్నాకే ముందుకెళ్ళాను. ఈ ఒక్క చోట దయచేసి ఎవరూ అందాజుగా పోవద్దు. పైకెక్కి గెంతి చూసి "ఏం కాలేదు" అనుకోవడం పరీక్ష కాదు.

మట్టి దింపడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. నేను పైన పారతో గీసి తట్టలోకి ఎత్తడం, తాడు కట్టి కిందికి వదలడం, కింద మా ఆవిడ, చిన్నోడు అందుకుని పెరట్లో కొబ్బరి మొదళ్ళకి పోయడం. వందకి పైన తట్టలు. మూడో ఆదివారం ఆ మట్టిలో అరచేతి గుర్తు ఒకటి కనిపించింది, మెత్తినప్పుడు ఎవరో చేత్తో అదిమి వదిలేసినది, అయిదు వేళ్ళూ స్పష్టంగా. చిన్న చెయ్యి, ఆడవాళ్ళదే. అమ్మని పిలిస్తే నిచ్చెన సగం దాకా ఎక్కి చూసి, మాట్లాడకుండా దిగిపోయింది. ఆ ముక్క పగలకుండా కింద చెక్కతో సహా తీసి ఉంచాను.

నేల మీద 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పరిచాను, 710 గ్రేడుది, నీటిని తట్టుకునే రకం. కొట్టువాడు కాస్త తడిని మాత్రమే ఓర్చే మామూలు ఎంఆర్ రకం చాలన్నాడు, సగం ధర కూడా. కానీ సముద్రం ఇంత దగ్గర, పెంకుల కింద గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది, ఆ రకం రెండు వానాకాలాలకి పొంగి పొరలు విడుతుంది. మిగతా పాత చెక్కలు తీయలేదు, వాటి మీదే రసమట్టం పెట్టి చూసి, పల్లం ఉన్నచోట పట్టీలు వేసి స్క్రూలు బిగించాను. మేకులు వద్దు, నడిచినప్పుడల్లా కిర్రుమంటాయి.

మెట్లు నేను చెయ్యలేదు. నిచ్చెన కంత మూడడుగులే, మెట్లు దిగేటప్పుడు తల తగలకుండా ఉండాలంటే దాన్ని పొడిగించాలి, అంటే ఒక దంతె కోయాలి. కోసిన దంతె బరువు పక్కవాటి మీదికి వెళ్ళేలా అడ్డకర్రలు వేయడం తెలిసినవాడి పని. మావ రెండు రోజుల్లో చేసి ఇచ్చాడు. ఎత్తు తొమ్మిది అడుగులు, 14 సార్లు కాలెత్తి ఎక్కాలి, ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాలకి కాస్త ఎక్కువ. ఇంకా నిటారుగా వేస్తే హాల్లో చోటు మిగిలేది, కానీ నిద్రకళ్ళతో దిగే పిల్ల గుర్తొచ్చి అమ్మ ఒప్పుకోలేదు. గది మధ్యలో నిలబడ్డ నిట్రాటని తీసేద్దామా అని నేనడిగితే మావ నా వైపు అదోలా చూసి, "కొప్పంతా దాని నెత్తి మీదే ఉంది బాబూ" అన్నాడు. ఉంచేశాం. దాని చుట్టూ చదువుకునే బల్ల కట్టాను. ఇప్పుడు ఆ స్తంభానికే టైంటేబులు అంటించి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, వేడి. ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఈ ఒక్క భాగం చదివినా చాలు.

నేను మొదట చేసింది ఇది: వాసాల మధ్య ఖాళీల్లో థర్మోకోల్ షీట్లు పెంకులకి ఆనేలా బిగించి కుక్కాను, చూరు దగ్గరి సందులన్నీ ఎలకలు రాకుండా సిమెంటుతో మూసేశాను, కింద బోర్డు కొట్టాను. చూడడానికి ఎంత బాగుందో. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూస్తే వసారాలో 37 డిగ్రీలు, గదిలో 41. అది కూడా కాదు బాధ, రాత్రి తొమ్మిదింటికి బోర్డు మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన నుదురులా ఉంది. మా అమ్మాయి ఏమీ అనలేదు, దిండు పట్టుకుని కిందికి వచ్చి నాయనమ్మ పక్కన పడుకుంది. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెంకుటిల్లు చల్లగా ఉండేది పెంకు వల్ల అనుకుంటాం. పెంకు కూడా ఎండకి బాగానే కాలుతుంది. మనల్ని కాపాడేది పెంకుల సందుల్లోంచి, చూరు కిందినుంచి దూరి కొప్పు వైపు పాకి పోయే గాలి. వేడెక్కిన గాలి పైకి పోతుంది, దాని వెనకే చూరు నుంచి కొత్త గాలి వస్తుంది. తాతల ఇల్లు రోజంతా అలా ఊపిరి తీసుకుంటూనే ఉంది. నేను దాని ముక్కూ నోరూ మూసేశాను.

వారం సెలవు పెట్టి మొత్తం విప్పాను. థర్మోకోల్ అంతా తీసేశాను, అది తొందరగా అంటుకుంటుంది కూడా, వైర్లు పోయే చోట అది ఉండడం నాకు అప్పటికే నచ్చలేదు. చూరు సందులు తెరిచి సన్నటి ఇనుప జాలీ కొట్టాను, గాలి వస్తుంది, ఎలకా గబ్బిలం రావు. వాసాల అడుగున అల్యూమినియం రేకు ఉన్న షీటు లాగి కట్టాను, మెరిసే వైపు పైకి. పెంకుకీ దానికీ మధ్య వాసం లోతంతా, నాలుగంగుళాల ఖాళీ. ఈ రేకు పనిచేసేది ఎదురుగా ఖాళీ ఉంటేనే, దేనికైనా అతుక్కుని ఉంటే వేడిని తిప్పికొట్టలేదు. షీట్లు కింది వరస నుంచి మొదలుపెట్టి, పై వరస కింది వరస మీదికి వచ్చేలా వేశాను, పెంకులు పరిచినట్టే. అలా వేస్తే ఎక్కడైనా పెంకు పగిలి చుక్క పడ్డా అది రేకు మీద జారి చూరులోకి పోతుంది, గదిలోకి రాదు. దాని కింద అంగుళం పట్టీలు, వాటికి 8 మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు. కొప్పు కింద ఏడున్నర అడుగుల ఎత్తులో బోర్డుని బల్లపరుపుగా ఆపేసి, పైన మిగిలిన త్రికోణపు ఖాళీని వేడిగాలికి వదిలేశాను. రెండు చివర్లా కొప్పు దాకా లేచిన గోడల్లో, ఆ ఖాళీకి ఎదురుగా, జాలీలు. దక్షిణపు గోడకి మూడడుగుల కిటికీ పెట్టించాను, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి ఆ వైపు నుంచే వస్తుంది.

మే నెలాఖరున అదే థర్మామీటరు, అదే మేకుకి. బయటికీ లోపలికీ తేడా ఒక డిగ్రీ దాటలేదు. ఏసీ గదిలా ఉంటుందని చెప్పను, ఫ్యాను కావాల్సిందే. కానీ చీకటి పడ్డాక అరగంటకే గది చల్లబడుతోంది. నాకు కావాల్సింది అదే.

వైరింగు ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను. పాత వైర్లు చెక్కపట్టీల మీద ఉండేవి, పైపొర ముట్టుకుంటే రాలిపోతోంది. అన్నీ పీకించి, పైపుల్లో కొత్తవి వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. దీని ఖర్చు తగ్గించుకోవద్దు.

తుపాను గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం ఈ ఇంట్లోనే ఉన్నాం. చూరు వైపు పెంకులు ఒక్కొక్కటి పేకముక్కల్లా లేచిపోతుంటే వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే తోటలో సగం చెట్లు నేలమీద ఉన్నాయి. అందుకే ఈసారి బోర్డు మూయకముందే, లోపలి నుంచి చూరు పక్క మూడు వరసలు, కొప్పు పక్క రెండు వరసలు, రెండు చివర్ల అంచులు ప్రతి పెంకునీ తీగతో దాని కింది రీపరు కర్రకి కట్టేశాను. తర్వాత కట్టాలంటే మళ్ళీ బోర్డు విప్పాలి. ఇంకో మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను: తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఆ రాత్రి పైన ఎవరూ పడుకోరు, ఎంత తీగ కట్టినా సరే.

మొత్తం ఖర్చు లక్షా ముప్పై వేల దాకా అయింది, అందులో నేను తప్పుగా చేసి విప్పినది కూడా ఉంది. ఆదివారాలు, సెలవులు కలిపి అయిదు నెలలు.

ఇంక కాయల సంగతి. పక్కగోడల వెంబడి మనిషి నిలబడలేని చోట రెండడుగుల లోతున పొడుగునా అరలు కట్టి తలుపులు పెట్టాను. ఒక వైపు పిల్ల పుస్తకాలు, బట్టలు. రెండో వైపు బోర్డు కొట్టకుండా పెంకులు అలాగే వదిలేశాను, అక్కడ వేడి కావాలి. అమ్మ మొన్న దసరాలకి మెట్లన్నీ మెల్లగా ఎక్కి వచ్చి, ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర ఊపి, నీళ్ళు ఇంకనివి ముందు వరసలో, ఇంకినవి వెనక వరసలో తనే సర్దింది. ఆ అర తలుపు పైన గోడకి ఆ అరచెయ్యి ఉన్న మట్టిముక్క బిగించి ఉంది. అమ్మ దాని మీద తన చెయ్యి ఆనించి చూసింది. "మా అత్తది కాదురా. ఆవిడ చెయ్యి పెద్దది," అంది. "నాదే. పెళ్ళయిన ఏడు మెత్తాం."

మా అమ్మాయి గదిలో ఎప్పుడూ కొబ్బరి వాసన ఉంటుంది. తలుపు వేసుకునే చదువుకుంటోంది.