పేటెంటు వచ్చాక అసలు పని మొదలైంది: నా టెస్టర్ అనుభవం

పేటెంటు ఉంటే మన వస్తువును ఎవరూ ముట్టుకోరని చాలామంది నమ్మకం. నిజానికి ఆ కాగితం ఇచ్చేది ఇతరులను ఆపమని అడిగే హక్కు మాత్రమే. పేటెంటు ఆఫీసు దరఖాస్తును పరిశీలిస్తుంది, మంజూరు చేస్తుంది. ఆ తర్వాత బజారులో ఎవరు ఏం అమ్ముతున్నారో చూసుకునే బాధ్యత మనదే. వాహనాల్లోని కరెంటు తీగలను పరీక్షించే నా టెస్టర్ విషయంలో ఆ బాధ్యత నా మీద ఎలా పడిందో, దాన్ని ఎలా దాటానో రాస్తున్నాను. సొంతంగా ఏదైనా పరికరం తయారుచేసి పేటెంటు తీసుకున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు ఆ పరికరం ఏం చేస్తుందో చెప్పాలి. వాహనాల వైరింగ్ పని చేసేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పి ఒకటుంది. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం సరిగ్గా వెలగదు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు. అది తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అందుకే కనెక్టర్‌లో కిలుము పట్టి రెండు ఓమ్‌ల నిరోధం వచ్చినా మీటరుకు తెలియదు. అదే తీగ మీద 55 వాట్ల హెడ్‌లైటు బల్బు పెడితే దానికి సుమారు నాలుగున్నర ఆంపియర్లు కావాలి. ఆ రెండు ఓమ్‌ల దగ్గరే వోల్టేజీలో చాలా భాగం పడిపోతుంది, బల్బు గుడ్డిగా వెలుగుతుంది. కాబట్టి తీగను లోడు పెట్టి, అంటే దాని గుండా కరెంటు లాగి పరీక్షించాలి. కానీ ఇప్పటి బండ్లలో ఏ తీగ పవరుదో, ఏది సెన్సర్‌దో చూడగానే తెలియదు. కంట్రోల్ యూనిట్‌కు వెళ్లే సన్నటి సిగ్నల్ తీగ మీద పెద్ద లోడు పెడితే లోపలి సర్క్యూట్ పోవచ్చు.

నేను కనిపెట్టిన పద్ధతి ఇదీ. పరికరం ముందు కొన్ని మిల్లీఆంపియర్ల లోడును కొన్ని మిల్లీసెకన్ల పాటు మాత్రమే పెడుతుంది. వోల్టేజీ ఎంత పడిందో కొలుస్తుంది. పడినది హద్దులో ఉంటేనే అంతకన్నా పెద్ద లోడుకు వెళ్తుంది, లేకపోతే అక్కడే తనంతట తాను ఆగిపోతుంది. తర్వాత ఎంత లోడు పెట్టాలన్న నిర్ణయం కొలత నుంచే రావడం, అదీ మనిషి ప్రమేయం లేకుండా రావడం. పేటెంటులో చివరికి నాకు దక్కింది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా, అంటే ప్రోబు (తీగకు తాకించే కడ్డీ) ఆకారం, డిస్‌ప్లే, బీప్ శబ్దం, ఎవరైనా వాడుకోవచ్చు.

కాపీ సంగతి నాకు తెలిసిన తీరు నన్ను చాలా బాధపెట్టింది. ఒకాయన "మీ టెస్టర్ పాడైంది, బాగుచేసి పంపండి" అని పార్సిల్ పంపించారు. పెట్టె మూత తీస్తే అది మా బోర్డు కాదు. మాస్‌ఫెట్‌ల (లోడును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌ల) వరస, కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ ఉన్న చోటు, చివరికి ప్రోబు మొన దగ్గర నేను పెట్టిన చిన్న ఫ్యూజు, అన్నీ అలాగే ఉన్నాయి. టంకం మాత్రం నాసిరకం. పాడైన ఆ సరుకు వల్ల పేరు పోతున్నది నాకు. ఆ కోపంలో వెంటనే అమ్మకందారులందరికీ హెచ్చరిక ఉత్తరాలు రాయబోయాను. మా లాయరుగారు ఆపారు. ఆధారం లేకుండా పేటెంటు పేరుతో బెదిరిస్తే ఎదుటివాళ్లే మన మీద దావా వేసేందుకు కొన్ని దేశాల చట్టాలు వీలు కల్పిస్తాయి. ఈ సంగతి తెలియని ఆవిష్కర్తలు చాలామందే ఉంటారు.

"సార్, మీ వస్తువును, వాళ్ల వస్తువును పక్కపక్కన పెట్టి చూడడం మానేయండి. మీ క్లెయిమును, వాళ్ల వస్తువును పెట్టి చూడండి" అన్నారు ఆవిడ. క్లెయిము అంటే మన హక్కు సరిగ్గా దేని మీదో పేటెంటులో చెప్పే వాక్యం. ఈ మొత్తం ప్రయాణంలో నాకు అందిన అతి విలువైన మాట అదే. బోర్డు అచ్చు గుద్దినట్టు ఉండటం కోర్టులో పెద్దగా లెక్కకు రాదు. క్లెయిములో రాసిన ప్రతి అంశమూ వాళ్ల వస్తువులో ఉందా, లేదా? ఒక్కటి లోపించినా ఉల్లంఘన నిరూపించడం కష్టం.

రిపేరుకు వచ్చిన ముక్క సాక్ష్యానికి పనికిరాదు, అది ఎవరెవరి చేతులు మారిందో చెప్పలేం. కొత్తవి బిల్లుతో కొన్నాం. పెట్టె సీలు విప్పడం దగ్గర నుంచి వీడియో తీశాం. ఒకటి విప్పకుండా అలాగే దాచాం. తర్వాత క్లెయిము చార్టు. ఎడమవైపు క్లెయిములోని ఒక్కో అంశం, కుడివైపు వాళ్ల పరికరంలో అది కనిపించే చోటు, దాని ఫొటో లేదా కొలత. దగ్గర దగ్గర అన్ని గళ్లూ సులువుగానే నిండాయి. ఒక్కటి మిగిలింది. వాళ్ల దాంట్లో లోడు స్థాయిని ఎంచుకోవడానికి మూడు బటన్లు ఉన్నాయి. అంటే ఎంపిక మనిషిదే అని వాళ్లు వాదించవచ్చు. పైగా మా దరఖాస్తు పరిశీలనలో ఉన్నప్పుడు పాత పేటెంటు ఒకటి అడ్డొస్తే, "నిర్ణయం ఆటోమేటిగ్గా జరుగుతుంది" అని చేర్చి దాన్ని దాటాం. అప్పుడు పేటెంటు ఆఫీసుకు చెప్పినదానికి ఇప్పుడు కట్టుబడి ఉండాల్సిందే.

ఆ గడి నింపింది ఆసిలోస్కోపు, అంటే వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం. బోలెడు పోగులున్న రాగి తీగ తీసుకుని ఒక్క పోగు మిగిల్చి మిగతావన్నీ కత్తిరించాం. మీటరు పెడితే పూర్తి బ్యాటరీ వోల్టేజీ చూపించింది. వాళ్ల టెస్టర్‌లో అన్నింటికన్నా పెద్ద లోడు బటన్ నొక్కి, ప్రోబు దగ్గర వోల్టేజీని, లోడు కరెంటును స్కోపు మీద చూశాం. పెద్ద లోడు నేరుగా పడలేదు. ముందు చిన్న పల్స్ (క్షణకాలం పడే లోడు), కాస్త ఆగి అంతకన్నా పెద్ద పల్స్, దాంతోపాటే వోల్టేజీలో లోతైన గుంట. అంతే, మూడో పల్స్ రాలేదు. మంచి తీగ పెట్టి అదే బటన్ నొక్కితే మూడు పల్సులూ వచ్చాయి. ఆ బటన్ చెప్పేది గరిష్ఠంగా ఎంతవరకు వెళ్లాలన్నది మాత్రమే. దారిలో ఆగాలా, వద్దా అన్నది లోపలి చిప్ కొలత చూసి తేలుస్తోంది. అంటే నా క్లెయిమే. తెర మీద ఆ మూడో పల్స్ రాకుండా ఆగిపోయినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

అప్పుడు పంపాం నోటీసు. ఊహించినట్టే వాళ్లు కాపీ గురించి మాట్లాడనే లేదు. "అసలు మీ పేటెంటే చెల్లదు" అన్నారు. రద్దు చేయాలని దరఖాస్తు కూడా వేశారు. ఇది అందరూ వేసే ఎత్తే, పేటెంటుతో ఎదురు నిలిచిన ప్రతివాళ్లూ దీనికి సిద్ధపడాలి. వాళ్ల వాదన రెండు పత్రాల మీద నడిచింది. ఒకటి బ్యాటరీ లోడు టెస్టర్ గురించి, పెద్ద కరెంటు లాగి వోల్టేజీ ఎంత పడిందో చూసేది. ఇంకొకటి స్థిరమైన పల్స్‌తో తీగలను పరీక్షించేది. ఈ రెండూ కలిపితే మీదే అవుతుంది, ఇందులో కొత్తేముంది, మాస్‌ఫెట్, రెసిస్టర్, మైక్రోకంట్రోలర్ ఎవరికి తెలియవు అన్నారు.

ఈ మాట విన్నప్పుడు నాకు రాబర్ట్ కర్న్స్ గుర్తొచ్చారు. ఆగి ఆగి తిరిగే కారు వైపర్‌కు 1960లలో పేటెంటు తెచ్చుకున్న అమెరికా ఇంజనీరు. ఆయన సర్క్యూట్‌లోనివన్నీ అంగట్లో దొరికే భాగాలే, కొత్తదనం లేదన్నది ఫోర్డ్ వాదన. 1978లో ఆయన వేసిన దావా తేలింది 1990లో. పేటెంటు చెల్లుతుందని, ఉల్లంఘన జరిగిందని, అయితే కావాలని చేసింది కాదని జ్యూరీ తేల్చింది. ఫోర్డ్ 1.02 కోట్ల డాలర్లు చెల్లించింది. తెలిసిన భాగాలతో తెలియని పని చేయించడం కూడా ఆవిష్కరణే. నేను మనస్ఫూర్తిగా నమ్మేది ఇదే.

మా జవాబు మాత్రం ఆవేశంతో రాయలేదు. ఆ రెండు పత్రాల్లోనూ ఎంత లోడు పెట్టాలో ముందే మనిషి తేల్చుకుంటాడు. కొలత చివర్లో వస్తుంది, దాన్ని చదువుకోవడంతో పని అయిపోతుంది. ఆ కొలత వెనక్కి వెళ్లి తర్వాతి లోడును నిర్ణయించడం రెండింటిలో ఎక్కడా లేదు, అలా చేయమన్న సూచన కూడా లేదు. లేనిదాన్ని లేనిదానితో కలిపితే ఉన్నది ఎలా వస్తుంది? అనుభవం ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేత అఫిడవిట్ ఇప్పించాం. సిగ్నల్ తీగల మీద లోడు పెట్టకూడదన్నదే ఆ రోజుల్లో వృత్తిలో అందరూ పాటించిన నియమమని ఆయన రాశారు. ఆ ఒక్క వాక్యం నా పేజీల కొద్దీ వివరణకన్నా ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

విచారణ రోజున టెన్షన్ పడ్డాను కానీ మాట్లాడింది ఎక్కువగా లాయరుగారే. నన్ను అడిగినవి సాంకేతిక ప్రశ్నలు. "పల్స్ ఎంతసేపు ఉంటే సెన్సర్‌కు హాని జరగదు?" లాంటివి. వాటికి నా నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకున్న కొలతలు ఉన్నాయి.

నిర్ణయం పూర్తిగా మావైపు రాలేదు. పల్స్ లోడుతో పరీక్షించే ఏ పరికరానికైనా వర్తించేలా రాసిన మొదటి క్లెయిము నిలవలేదు. ఆటోమేటిగ్గా లోడు పెంచే, ఆపే క్లెయిము నిలిచింది. పేటెంటు సన్నబడింది, కానీ వాళ్ల మూడు బటన్ల టెస్టర్ ఇంకా దాని లోపలే ఉంది. ఆ సంగతి వాళ్లకీ అర్థమైంది. రాజీకి వచ్చారు. మిగిలిన సరుకు అమ్ముకోవడానికి గడువు, ఆ తర్వాత అమ్మే ప్రతి పరికరం మీద రాయల్టీ, పెట్టె మీద లైసెన్సు ప్రస్తావన. స్థిర లోడుతో పనిచేసే వాళ్ల పాత మోడల్‌ను మేం వదిలేయాల్సి వచ్చింది. అది ఇప్పటికీ అమ్ముడవుతోంది, దాని మీద నాకు హక్కు లేదు.

పేటెంటు తీసుకున్న దేశంలోనే అది పనిచేస్తుంది. అప్పట్లో నా దగ్గర ఉన్న డబ్బుకు ఒక్క దేశమే సాధ్యమైంది. మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లోపు వేస్తేనే వేరే దేశాల్లో ఆ పాత తేదీ దక్కుతుంది. ఆ గడువు ఎప్పుడో దాటింది. బయటి దేశాల్లో ఇదే కాపీ అమ్ముతున్నా చూస్తూ ఊరుకోవాల్సిందే. ఇప్పుడు 24 వోల్టుల లారీలు, బస్సుల కోసం కొత్త టెస్టర్ చేస్తున్నాను. రాయల్టీ డబ్బుతో దీనికి పీసీటీ దరఖాస్తు (ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో పేటెంటు కోరే అంతర్జాతీయ పద్ధతి) వేశాం. ఏయే దేశాల్లో ముందుకు వెళ్లాలో తేల్చుకోవడానికి మొదటి దరఖాస్తు తేదీ నుంచి చాలా దేశాలకు 30 నెలల సమయం ఉంటుంది. లాయరుగారు, నేను ఇప్పుడు ఆ జాబితా మీదే కూర్చున్నాం.