కరికులం డబ్బాకు కట్టే డబ్బు

జనవరి 28, 2026, బుధవారం, ఫ్రీమాంట్ (కాలిఫోర్నియా)

పిల్లల కరికులం, అంటే రోజువారీ పనుల ప్రణాళిక, చేతిపనుల సామాను, నెలనెలా డబ్బాలో పెట్టి పంపే కంపెనీ నుంచి ఈ ఉదయం రెన్యూవల్ నోటీసు వచ్చింది. ఒక్కొక్క బిడ్డకు నెలకు 24 డాలర్ల చొప్పున ఐదుగురికి 120 డాలర్లు, ఏడాదికి 1,440 డాలర్లు. నెలాఖరులోగా సంవత్సరం సొమ్మంతా ఒకేసారి కట్టేస్తే కొంత తగ్గిస్తారట, లేకపోతే ఏప్రిల్ నుంచి రేటు పెంచుతారట. ఇంట్లో డేకేర్ నడిపేవాళ్ళకు ఇది తీసిపారేయదగిన మొత్తం కాదు. ఇంటి కిస్తు, బీమా, పాలు, పళ్ళు, చేతులు తుడిచే కాగితాలు, వారానికి రెండు రోజులు సాయానికి వచ్చే అమ్మాయి జీతం, ఇవన్నీ పోగా చేతిలో మిగిలేదాంట్లోంచే దీన్ని కూడా తీయాలి. మూడేళ్ళుగా ఆలోచించకుండా కడుతూ వచ్చాను. ఈసారి మాత్రం అసలు దేనికి కడుతున్నానో తేల్చుకున్నాకే కట్టాలని, పిల్లలు రాకముందే ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

నా దగ్గర ఇప్పుడు ఆరుగురున్నారు: తొమ్మిది నెలల పాపాయి ఒకతె (డబ్బా లెక్కలో లేనిది ఈమే), రెండేళ్ళవాళ్ళు ఇద్దరు, మూడేళ్ళవాళ్ళు ఇద్దరు, నాలుగేళ్ళు నిండిన అమ్మాయి ఒకతె. కాలిఫోర్నియాలో నాకున్న చిన్న లైసెన్సు మీద ఇంతకు మించి తీసుకోవాలంటే బడికి వెళ్ళే వయసు పిల్లలు ఇద్దరైనా ఉండాలి, అప్పుడు కూడా ఎనిమిదిమంది దాటకూడదు. లైసెన్సు శాఖవారు చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారు. మంటలార్పే సిలిండరు, పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, శుభ్రపరిచే మందులున్న అరకు గొళ్ళెం, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఆరు నెలలకొకసారి చేయించవలసిన డ్రిల్లు తాలూకు కాగితం, పిల్లల టీకాల వివరాలు, ఇవన్నీ చూస్తారు గాని పిల్లలకు ఏ కరికులం వాడుతున్నావని అడగరు. తిండి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం నడిపే చైల్డ్ అండ్ అడల్ట్ కేర్ ఫుడ్ ప్రోగ్రాం కింద బిడ్డకు రోజుకు రెండు భోజనాలు, ఒక చిరుతిండి వరకు లెక్కగట్టి నాకు డబ్బు తిరిగి ఇస్తారు, అందుకు బదులుగా ఏడాది నిండిన బిడ్డకు చిక్కటి పాలు, రెండేళ్ళు దాటినవాళ్ళకు కొవ్వు తక్కువ పాలు పోయాలన్నంత వివరంగా నియమాలు పెట్టారు. కరికులం దగ్గరికి వచ్చేసరికి నాకు నియమమూ లేదు, తిరిగి వచ్చే పైసా లేదు. అది పూర్తిగా నాకూ తల్లిదండ్రులకూ మధ్య వ్యవహారం.

నిజం చెప్పాలంటే ఆ డబ్బాను నేను తెప్పించడం మొదలుపెట్టింది పిల్లల కోసం కాదు, వాళ్ళ అమ్మానాన్నల కోసం. ఇక్కడి ప్రభుత్వ బడులలో కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాదిగా పెట్టిన ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్‌ను 2022 నుంచి అంచెలంచెలుగా చిన్న వయసులవారికి విస్తరిస్తూ వచ్చారు, ఈ 2025-26 విద్యాసంవత్సరంతో సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ అందులో ఉచితంగా చోటు ఇచ్చారు. ప్రజలకు మేలే, కాదనను. మా వంటి ఇళ్ళకు మాత్రం నాలుగేళ్ళవాళ్ళు ఖాళీ అయిపోయారు. నా దగ్గరున్న అమ్మాయి సెప్టెంబరు చివరలో పుట్టింది కాబట్టి ఆగింది, లేకపోతే ఆమె కూడా వెళ్ళిపోయేదే. పసిబిడ్డలను ఎక్కువమందిని తీసుకోవడానికి లైసెన్సు ఒప్పుకోదు, ఒప్పుకున్నా రెండు చేతులు చాలవు. కనుక రెండు, మూడేళ్ళవాళ్ళే మాకు ఆధారం. వాళ్ళ తల్లిదండ్రులు ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు వంటగది, నిద్రపోయే గది, పెరడు చూశాక అడిగే మొదటి ప్రశ్న, "మీరు ఏ కరికులం వాడుతారండీ?" అని. మనవాళ్ళైతే ఇంకొంచెం ముందుకు వెళ్ళి, "రాయడం ఎన్నో నెలలో మొదలుపెడతారు ఆంటీ?" అని అడుగుతారు. అప్పుడు నెలవారీ రంగుల క్యాలెండరు ఒకటి చేతికిస్తే వాళ్ళ ముఖంలో వచ్చే నిశ్చింత నేను ఎంత మాట్లాడినా రాదు. ఆ క్యాలెండరు ధరే 1,440 డాలర్లు అనుకున్న రోజులున్నాయి.

ఫిబ్రవరి డబ్బా నిన్ననే వచ్చింది. పొద్దున పది గంటలకు, ఎలాగూ విప్పవలసిందే కదా అని పిల్లల ముందే విప్పాను. ఒక్కొక్క రోజుకూ అంకె వేసిన కవరు ఒకటి, దాంట్లో ఒక్కొక్క బిడ్డకూ విడివిడిగా కట్టిన సామాను. నెల మొదట్లో గ్రౌండ్‌హాగ్ అనే జంతువు ముఖం, తరువాత ప్రేమికుల రోజుకు ఎర్రటి హృదయాలు. జనవరి డబ్బాలో దూది అంటించిన మంచు మనిషి, ఉన్ని చేతితొడుగులు వచ్చాయి. ఫ్రీమాంట్‌లో మంచు పడదు, మా పెరటిలో ఈ నెలలో పండేది నిమ్మకాయలు. దేశమంతటికీ ఒకే డబ్బా పంపేవాళ్ళకు మా పెరడు గుర్తుండాలని కోరడం అత్యాశే అనుకోండి. నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించింది వేరే సంగతి. హృదయాలన్నీ ముందే కత్తిరించి వచ్చాయి. నాలుగేళ్ళ అమ్మాయికి ఈ నెలలో కత్తెర మీద మహా మోజు, బొటనవేలు పైకి పెట్టి కాగితాన్ని తిప్పుతూ కత్తిరించడం ఇప్పుడిప్పుడే చేతికి వస్తున్నది. ఆమె ఆ కవరు చూసి, "ఇందులో నేను కట్ చేసేది ఏది ఆంటీ?" అని అడిగింది, చూపించడానికి ఏమీ లేదు. అవే హృదయాలు రెండేళ్ళవాళ్ళకు ఇస్తే ఒకడు నలిపి ఉండ చేశాడు, ఇంకొకడు వెనక ఉన్న జిగురును నాకి చూశాడు. బొమ్మకు అంటించమని పంపిన కదిలే కళ్ళను టాయిలెట్ కాగితం చుట్టే గొట్టంలో వేసి చూస్తే జారి కింద పడ్డాయి. ఆ గొట్టంలోంచి జారేదంటే పసిబిడ్డ గొంతులో అడ్డుపడగలదన్నమాట, అలాంటిదేదీ పాకే పాపాయి ఉన్న నేల మీద ఉండకూడదన్నది మా ఇంటి నియమం, కనుక ఆ కళ్ళన్నీ నా జేబులోకి వెళ్ళాయి. చివరికి ఇండియన్ స్టోరు వాళ్ళు వారం వారం పంపే ప్రకటన కాగితం ఒకటి నాలుగేళ్ళ అమ్మాయికి ఇచ్చాను. ఆమె అందులోని కాకరకాయ బొమ్మను, ఆ ముళ్ళ అంచు వెంబడే నాలుక బయటపెట్టి మరీ కత్తిరించి, హృదయం మధ్యలో అంటించి, నాన్నకు ఇస్తానని సంచిలో పెట్టుకున్నది.

ఈ డబ్బాల వెనక ఉన్న చిక్కు ఇదే. ఇరవైమంది ఒకే వయసు పిల్లలు ఒకే గదిలో కూర్చునే పెద్ద కేంద్రాలను మనసులో పెట్టుకుని వీటిని తయారు చేస్తారు. ఇంటి డేకేర్‌లో ఆరుగురు పిల్లలంటే నాలుగు వయసులు. రెండేళ్ళవాళ్ళకు వేరే డబ్బా, పెద్దవాళ్ళకు వేరే డబ్బా తెప్పించుకోవచ్చునని కంపెనీవారు అంటారు, నేను తెప్పించాను కూడా, కాని రెండు రకాల పనులు రెండు మూలల ఒకేసారి చేయించడానికి నేను ఒక్కదాన్ని, చంకలో పాపాయి. కాబట్టి విప్పకుండానే అలమారలో చేరిన కవర్లు ఏడాది తిరిగేసరికి ఒక అరను నింపేశాయి.

వాళ్ళ కరపత్రం మీద ఇది పరిశోధన బలం ఉన్న కార్యక్రమమని రాసి ఉంటుంది. ఈ మాట ఎవరు వాడినా నాకు మిషిగన్‌లోని ఇప్సిలాంటి ఊరు గుర్తుకు వస్తుంది. అక్కడ పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం 1962 నుంచి 1967 వరకు 123 మంది పేద పిల్లలతో జరిగింది, వాళ్ళలో 58 మందికి ప్రీస్కూల్ చదువు చెప్పి, మిగతావారితో పోల్చి, పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పటి చదువుకు పెట్టిన డబ్బు వృథా కాదని చెప్పడానికి ఇప్పటికీ అందరూ దాన్నే చూపుతారు. హైస్కోప్ కరికులం పుట్టింది అక్కడే, ముందుగా ఏం చేస్తావో చెప్పు, చెయ్యి, చేసిందేమిటో మళ్ళీ చెప్పు అనే దాని పద్ధతి నాకు చాలా ఇష్టం. అయితే ఆ పిల్లలకు దక్కినవి ఏమిటి? అయిదారుగురికి ఒక శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు, పైగా వారానికొకసారి ఆమే ఇంటికి వెళ్ళి గంటన్నరసేపు తల్లితో, బిడ్డతో కూర్చోవడం. పోస్టులో వచ్చే డబ్బాలో ఇవి పట్టవు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక శాన్ రామోన్ ఊళ్ళో ఉండే వదినకు ఫోన్ చేశాను. ఆమె నాకంటే ముందు నుంచి ఈ పని చేస్తున్నది, వ్యవహారం బాగా తెలిసిన మనిషి. "నువ్వెందుకు భరిస్తావమ్మా? ఆగస్టులో ఒక్కొక్కరి దగ్గర కరికులం ఫీజు అని నూటయాభై వేరుగా తీసుకో. ఊరికే ఇస్తే విలువ ఉండదు," అన్నది. ఆమె లెక్క తప్పని అనను, ఆమె దగ్గర అది చక్కగా సాగుతున్నది. నాకు మాత్రం ఆ దారి మీద నమ్మకం లేదు. ఫీజులోనే కలిసి ఉన్నంతకాలం బిడ్డ సంతోషంగా ఉన్నదా, మాట్లాడుతున్నదా, అన్నం తిన్నదా అని చూస్తారు. కరికులం అని ఒక పద్దు విడిగా రాసి డబ్బు తీసుకున్న మరునాటి నుంచి ఆ పద్దుకు సరిపడా కాగితాలు ఇంటికి వస్తున్నాయా అని లెక్కపెడతారు, అది సహజం, నేనైనా లెక్కపెడతాను. అప్పుడు నేను సాయంత్రం సంచిలో పెట్టడానికి కాగితాలు తయారు చేసే పనిలో పడతాను. రెండేళ్ళ బిడ్డ చెయ్యి పట్టుకుని నేనే అంటించిన హృదయం ఎవరికి కావాలి? వదినతో ఇంత వివరంగా అనలేదు, "చూస్తాను వదినా," అని ఊరుకున్నాను.

అంతమాత్రాన కరికులానికి కట్టే డబ్బంతా దండగ అనే మాట కూడా నేను అనలేను. ఇంతకుముందు ఆదివారం రాత్రులు నాకు మనశ్శాంతిగా గడిచేవి కావు. వారమంతా ఏం చేయించాలి, ఏ పుస్తకం చదవాలి, ఏ ఆట ఆడించాలి అని రాత్రి పదకొండు దాకా వెతుక్కునేదాన్ని. ప్రణాళిక పుస్తకం వచ్చాక ఆ బెంగ తగ్గింది, సగం మార్చి వాడినా సరే, మార్చడానికి ముందు ఒకటంటూ చేతిలో ఉన్నది. ఇంకొకటి, దాంతోపాటు వచ్చే పరిశీలన కార్డులు. వారానికొకసారి ఒక్కొక్క బిడ్డ అన్న మాటను అన్నది అన్నట్టుగా రాసి పెట్టమంటాయి. నా మూడేళ్ళవాళ్ళలో ఒకడు మాటలు తక్కువ. అక్టోబరు కార్డులలో వాడివి "పాలు", "బయట", "వద్దు" అనే విడి మాటలే ఉన్నాయి. డిసెంబరులో కూడా పెద్ద తేడా లేకపోవడంతో ఆ కార్డులు వాళ్ళ అమ్మకు చూపించాను, ఆమె వాటిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది, ఇప్పుడు మాటల థెరపీకి చూపిస్తున్నారు. ఇంట్లో తెలుగు, నా దగ్గర తెలుగూ ఇంగ్లీషూ రెండూ, అందుకే ఆలస్యమేమో అని అందరం సర్దిచెప్పుకునే సంగతి అది. తేదీలు వేసిన కాగితం లేకపోతే నేను ధైర్యంగా చెప్పి ఉండేదాన్ని కాదు.

ఉచితంగా దొరికేవి లేవా అంటే ఉన్నాయి. పిల్లలకు ఏ వయసులో ఏమేమి రావాలో వివరించే పుస్తకాన్ని కాలిఫోర్నియా విద్యాశాఖ 2024లో కొత్తగా సవరించి విడుదల చేసింది, పేద పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే హెడ్ స్టార్ట్ వారి అటువంటి చట్రం 2015 నుంచే అందరికీ అందుబాటులో ఉన్నది. రెండూ దింపుకుని చదివాను, నిజంగా మంచివి. కాని అవి ఎక్కడికి చేరాలో చెబుతాయి, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఒకడు ఏడుస్తూ ఇంకొకడు బల్ల ఎక్కుతూ ఉండగా ఏం చెయ్యాలో చెప్పవు. నేను డబ్బు పెట్టి కొనుక్కుంటున్నది ఆ మంగళవారాన్ని. అంటే కావలసింది ప్రణాళిక, కార్డులు. ముందే కత్తిరించిన హృదయాలు కావు.

రాత్రి భోజనాలయ్యాక మావారు పన్ను లెక్కల కోసం పోయిన ఏడాది రసీదులు ముందేసుకుని కూర్చున్నారు. చేతులు తుడిచే కాగితాల వంటివి మా ఇంటికీ డేకేరుకూ కలిసి వాడేవి కాబట్టి, ఇంటి విస్తీర్ణంలో ఎంత భాగం, రోజులో ఎన్ని గంటలు డేకేరుకు వాడామో చూసి ఆ నిష్పత్తిలో చూపుతాం. కరికులం పూర్తిగా పిల్లలదే కనుక షెడ్యూల్ సి అనే వ్యాపార పన్ను ఫారంలో మొత్తం ఖర్చుగా రాసుకోవచ్చు. "అంతా ఖర్చు కిందే పోతుంది కదా, ఆలోచించకుండా కట్టెయ్యి," అన్నారు ఆయన. పన్నులో తగ్గేది అందులో కొంత భాగమే, మిగతాది మన చేతిలోంచి పోయేదేనండీ అన్నాను. ఆయన కాలిక్యులేటరు నా వైపు తిప్పి చూపించి, నవ్వి, నీ ఇష్టం అన్నారు.

తరువాత కంపెనీ సైటులో వెతికితే ఒక మూలన సామాను లేకుండా ప్రణాళిక, కార్డులు, క్యాలెండరు మాత్రమే కంప్యూటరులో ఇచ్చే పథకం కనిపించింది. పిల్లల సంఖ్యతో పని లేదు, ఇంటికింత అని నెలకు 30 డాలర్లు. ఏడాదికి 360 అవుతుంది. నోటీసులో ఈ పథకం ఊసే ఎత్తలేదు, ఎందుకు ఎత్తుతారు? దానికి మారుతున్నట్టు రాసి పంపించాను. మిగిలిన దాంట్లోంచి నెలకు 25 డాలర్లు జిగురు, రంగులు, కాగితానికి, ఎడమచేతి వాటం ఉన్న మూడేళ్ళవాడికి సరిపోయే కత్తెరకు పక్కన పెట్టాలి. రెండేళ్ళవాళ్ళు ఆడుకోవడానికి పిండిముద్దలు నేనే కలుపుతాను, మైదా, ఉప్పు, కాస్త నూనె చాలు. తెలుగు కథల పుస్తకాలు నాలుగైదు కొనాలి, ఆ డబ్బాలలో అవి ఏనాడూ రావు.

తల్లిదండ్రులకు శుక్రవారం ఉత్తరం పంపాలి. క్యాలెండరు ఎప్పటిలాగే వస్తుందని, ఇంటికి పంపే చేతిపనులు తగ్గుతాయని, వాటికి బదులు బిడ్డ మాటలు రాసిన కార్డు నెలకొకటి ఇస్తానని, ఫీజులో మార్పు లేదని రాయాలి. కాకరకాయ హృదయం అందుకున్న నాన్న సాయంత్రం గుమ్మం దగ్గర, "ఇది ఏ లెసన్ ఆంటీ?" అని అడిగాడు. కత్తెర పాఠం నాయనా అని చెప్పాను. మార్చి డబ్బా ఇప్పటికే ప్యాకింగులో ఉన్నదట, దాని 120 డాలర్లు ఆగవు.