పాసంగం

మా నాయిన బాదేపల్లి మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే సరుకు తూచేవాడు. పల్లికాయ వచ్చే రోజుల్లో పొద్దున కాంటా దగ్గర నిలబడితే చీకటి పడ్డాకే ఇంటికి. నేను జర్మనీలో, మ్యూనిక్ దగ్గర, కొలత పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీర్ని. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే: "అసలు నువ్వేం పని జేస్తవ్‌రా?" "కరెంటు పని నాయినా" అని తప్పించుకునేవాణ్ని.

అంకె చెబితే దానికి తగ్గ వోల్టేజీ ఇచ్చే డబ్బా ఒకటుంటుంది. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా డీఏసీ. మాది 20 బిట్లది. సున్నా నుంచి 10 వోల్టుల దాకా 10,48,576 అంకెలు, ఒక్కో మెట్టు 9.5 మైక్రోవోల్టులు. చిప్ కొని బోర్డు మీద టంకం పెట్టడం ఎవరైనా చేస్తారు. మెట్లన్నీ సమానంగా ఉన్నాయా అని చూడటమే అసలు పని. మెట్టుకో సెకను చొప్పున కొలిచినా 12 రోజులు పడుతుంది. ఆలోగా గది వేడి మారి మొదటి రోజు లెక్కలు పాతబడిపోతాయి. అందుకే పై ఆరు బిట్లు మారే చోట్ల మాత్రమే కొలుస్తాం. వచ్చిన తేడాలను పట్టిక కట్టి, పంపే అంకెలో ముందే సరిచేస్తాం.

మొదటి చలికాలంలో నా లెక్క రోజూ పొద్దున నాలుగు మైక్రోవోల్టులు జరిగేది. రెండు వారాలు రిఫరెన్స్‌నే, అంటే కొలతకు ఆధారమైన స్థిర వోల్టేజీనిచ్చే భాగాన్నే అనుమానించాను. అది ఎల్‌టీజెడ్1000, తన లోపలి హీటర్‌తో తనను తానే ఒకే వేడిలో ఉంచుకునే చిప్. పాపం, దాని తప్పేం లేదు. రాగి తీగకు టంకం తగిలిన చోట ఒక్క డిగ్రీ తేడా వచ్చినా మైక్రోవోల్టులు పుడతాయి. నా బల్ల కింద రూమ్ హీటర్. పొద్దున అది వేడెక్కగానే గాలి నేరుగా ఆ అతుకుల మీదికే.

అమ్మ సూట్‌కేసులో పెట్టిన తువ్వాల కప్పాను. ఊగిసలాట ఆగింది కానీ కొంత తేడా మిగిలే ఉంది. పక్క బల్ల పెద్దాయన చూసి, డీఏసీ వైపు తీగలు తారుమారు చేసి మళ్లీ కొలవమన్నాడు. అసలు వోల్టేజీ గుర్తు మారుతుంది, అతుకుల్లో వేడికి పుట్టిన దొంగ వోల్టేజీది మారదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తే దొంగ పోతుంది.

నాకు నవ్వొచ్చింది. ఎలక్ట్రానిక్ కాంటాలు రాకముందు, అనుమానం వస్తే నాయిన సరుకున్న తట్టలో బాట్లు, బాట్లున్న తట్టలో సరుకు పెట్టి చూసేవాడు. తేలికగా ఉన్న వైపు చిన్న రాయి కట్టి పాసంగం, అంటే తట్టల మధ్య తేడా, తీసేవాడు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

"అంటే పాసంగం తీస్తున్నవ్."

"అంతే నాయినా."

"మరి నీ కాంటాకు ముద్ర ఎవలేస్తరు?"

మా మీటరు ఏటా పెద్ద ల్యాబుకు పోతుందనీ, ఆ వరసలో అందరికంటే పైన బ్రౌన్‌ష్వైగ్‌లోని జాతీయ కొలతల సంస్థ ఉంటుందనీ, అక్కడ జోసెఫ్‌సన్ జంక్షన్లనే సూపర్‌కండక్టర్ అతుకులను ద్రవ హీలియంలో ముంచి వోల్టును నిలబెడతారనీ చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"అదంతా సరే గని, నీ జీతంల తరుగు ఎంత తీస్తరు?"

"పన్నూ ఇన్సూరెన్సూ కలిపి మూడో వంతు పైనే."

కాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"గంత తరుగు ఈడ తీస్తే రైతులు కాంటా గుంజి బయట పారేస్తరు బిడ్డా."